పవర్ యాంప్లిఫయర్ల చదువు మా అమ్మాయిని ఇరుకు దారిలో పడేస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. రేడియో ఫ్రీక్వెన్సీ పవర్ యాంప్లిఫయర్ల దక్షతను, లీనియారిటీని పెంచడం మీద పీజీ చేస్తానంటోంది. ఇది మరీ ఇరుకైన, పాతబడిన రంగమని, పదేళ్ల తర్వాత ఉద్యోగాలు ఉండవని నా భయం. చేస్తే గీస్తే న్యూరల్ నెట్‌వర్కులతో యాంప్లిఫయర్ల లోపాలు సరిదిద్దే పని చేయమని, అందులో ఏఐ ఉంటుంది కనుక తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి మారవచ్చని చెబుతున్నాను. వినడం లేదు. మా బంధువుల అబ్బాయి డేటా సైన్స్‌లో చేరి స్థిరపడ్డాడు కూడా. సర్క్యూట్ డిజైన్, అల్గారిథమ్‌ల పని, ఈ రెండింటినీ పోల్చి ఏది మేలో చెప్పండి.

జవాబు: మీరు అడిగిన పోలిక చెబుతాను. అయితే ఇటువంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి, సబ్జెక్టు పేరు మాత్రమే మారుతుంది. వాటన్నిటి అడుగునా ఉండే భయం ఒక్కటే: లోకం ముందుకు సాగిపోతే మా బిడ్డ ఒక మూలన మిగిలిపోతుందేమోనని. అందుచేత ముందు ఆ భయం గురించే మాట్లాడతాను. ప్రవేశ పరీక్షలు, మార్కులు, గడువు తేదీల సంగతి మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోను.

ఈ సమస్య పాతదన్న మాట నిజమే, కానీ అది ఇంకా తీరలేదు. పవర్ యాంప్లిఫయర్ బలహీనమైన రేడియో సిగ్నల్‌ను యాంటెన్నాకు పంపదగినంత బలంగా మారుస్తుంది. అందుకోసం విద్యుత్ సరఫరా నుంచి తీసుకున్న శక్తిలో ఎంత భాగం రేడియో తరంగంగా బయటికి వెళ్లిందన్నది దక్షత, ఇంజనీర్ల మాటలో ఎఫిషియెన్సీ. వెళ్లనిదంతా వేడిగా మారుతుంది. లోపలికి వచ్చిన సిగ్నల్ రూపం చెడకుండా పెద్దదై బయటికి వచ్చిందా లేదా అన్నది లీనియారిటీ. చిక్కేమిటంటే, ట్రాన్సిస్టర్‌ను దాని గరిష్ఠ శక్తికి దగ్గరగా నడిపినప్పుడే దక్షత బాగుంటుంది, సిగ్నల్ రూపం చెడేది కూడా సరిగ్గా అక్కడే. వెనక్కి తగ్గించి నడిపితే రూపం నిలుస్తుంది గానీ కరెంటు వృథా అవుతుంది.

ఈ వృథా ఎంతటిదో అంకెల్లో చూడండి. 100 వాట్లు పంపే యాంప్లిఫయర్ దక్షత 25 శాతమైతే అది 400 వాట్లు తీసుకుని 300 వాట్లను వేడిగా వదులుతుంది. దక్షత 50 శాతానికి పెరిగితే తీసుకునేది 200, వేడి 100 మాత్రమే. దక్షత రెట్టింపైతే వేడి మూడో వంతుకు దిగుతుంది, దానితోపాటే హీట్‌సింకు బరువు, ఫ్యాన్లు, బ్యాకప్ బ్యాటరీల పరిమాణం కూడా తగ్గుతాయి. పరికరం ఆయుష్షు పెరుగుతుంది. అందుకే ఈ రంగంలో నాలుగైదు శాతం మెరుగుదల కోసం ఇంజనీర్లు ఏళ్ల తరబడి కష్టపడతారు.

కాలం గడిచేకొద్దీ ఈ సమస్య సులువు కాలేదు, కఠినమైంది. 2జీ కాలపు జీఎస్‌ఎం సిగ్నల్ ఎత్తు దాదాపు స్థిరంగా ఉండేది కనుక యాంప్లిఫయర్‌ను నిశ్చింతగా గరిష్ఠం దగ్గర నడపగలిగేవారు. 4జీ, 5జీలు వాడే, ఒకేసారి అనేక సన్నని ఫ్రీక్వెన్సీల మీద డేటా పంపే ఓఎఫ్‌డీఎం సిగ్నల్‌లో శిఖరాలను కొంత కత్తిరించిన తర్వాత కూడా శిఖరానికీ సగటుకూ మధ్య సాధారణంగా 7, 8 డీబీ తేడా ఉంటుంది. అంటే సగటున 10 వాట్లు పంపవలసిన యాంప్లిఫయర్ 50, 60 వాట్ల శిఖరాలకు సిద్ధంగా ఉండి, ఎక్కువ సమయం తన బలంలో ఐదో ఆరో వంతుతో పనిచేయాలి. ఆదర్శ స్థితిలో గరిష్ఠం దగ్గర 78.5 శాతం దక్షత చూపే క్లాస్-బి (సిగ్నల్‌లో సగం సేపే కరెంటు తీసుకునే) యాంప్లిఫయర్ కూడా 6 డీబీ దిగువకు, అంటే గరిష్ఠ శక్తిలో నాలుగో వంతుకు వచ్చేసరికి 39 శాతానికి పడిపోతుంది. ఎల్లప్పుడూ కరెంటు తీసుకునే క్లాస్-ఎ అయితే 50 శాతం నుంచి 12.5 శాతానికి జారుతుంది. ఇంకోవైపు, సిగ్నల్ రూపం చెడితే కొంత శక్తి పక్క ఛానెల్‌లోకి చిందుతుంది; అలా చిందే శక్తి సొంత ఛానెల్ శక్తి కంటే 45 డీబీ తక్కువ, అంటే సుమారు ముప్పై వేలో వంతు మాత్రమే ఉండాలని పెద్ద బేస్ స్టేషన్లకు (మొబైల్ టవర్ల రేడియో పరికరాలకు) 3జీపీపీ అనే అంతర్జాతీయ మొబైల్ ప్రమాణాల సంస్థ ప్రమాణం చెబుతోంది. ఇన్ని షరతుల మధ్య పనిచేసే మనిషి అవసరం ఎలా తీరిపోతుంది?

ఈ రంగంలో పాత ఆలోచనలు తిరిగి వచ్చిన తీరు కూడా మీరు తెలుసుకోవాలి. 1936లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన విలియం డోహర్టీ, వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఏఎం ప్రసార కేంద్రాల కోసం ఒక అమరిక ప్రతిపాదించారు. అందులో ఒక యాంప్లిఫయర్ ఎప్పుడూ పనిచేస్తుంది, రెండవది శిఖరాలు వచ్చినప్పుడు మాత్రమే మేల్కొంటుంది. పావు తరంగ పొడవున్న ఒక లైను సాయంతో రెండవది మొదటిదానికి కనిపించే లోడును, అంటే అది మోయవలసిన విద్యుత్ భారాన్ని మారుస్తుంది. దానివల్ల గరిష్ఠానికి 6 డీబీ దిగువన కూడా దక్షత మళ్లీ పైకి లేస్తుంది. కొన్ని దశాబ్దాల తర్వాత మొబైల్ బేస్ స్టేషన్లు సరిగ్గా ఆ గుణాన్నే కోరుకున్నప్పుడు, ఆ అమరిక మొదట ఎల్‌డీమాస్ అనే సిలికాన్ ట్రాన్సిస్టర్లతోనూ ఆ తర్వాత గాలియం నైట్రైడ్‌తోనూ మళ్లీ జీవం పోసుకుంది. 1935లో హెన్రీ షిరే చెప్పిన అవుట్‌ఫేజింగ్, 1952లో లియొనార్డ్ కాన్ చెప్పిన ఎన్వెలప్ ఎలిమినేషన్ అండ్ రెస్టోరేషన్ అనే దక్షత పెంచే పద్ధతులు కూడా ఇప్పటికీ పరిశోధకుల బల్లల మీదే ఉన్నాయి. మీరు తల్లిదండ్రులు కనుక ఇంకొక్కటి చెప్పాలనిపిస్తోంది: ట్రాన్సిస్టర్‌ను స్విచ్‌లా వాడి దక్షత పెంచే క్లాస్-ఇ యాంప్లిఫయర్‌ను 1975లో ప్రపంచానికి పరిచయం చేసిన పత్రం నేథన్ సోకల్, అలెన్ సోకల్ అనే తండ్రీకొడుకులు కలిసి రాసినది.

ఇక మీరు మొగ్గు చూపుతున్న దారి గురించి నిర్మొహమాటంగా చెబుతాను. డిజిటల్ ప్రీడిస్టార్షన్ అంటే యాంప్లిఫయర్ సిగ్నల్‌ను ఎటు వంచుతుందో ముందే తెలుసుకుని, దానికి ఎదురు వంపును సిగ్నల్‌కు ముందుగానే ఇచ్చి పంపడం. రెండు వంపులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని బయటికి వచ్చే సిగ్నల్ తిన్నగా ఉంటుంది. ఇది గొప్ప పద్ధతి, ఈనాటి పెద్ద బేస్ స్టేషన్లు దాదాపుగా ఇది లేకుండా నడవవు. ఎదురు వంపును లెక్కించడానికి మెమరీ పాలినామియల్ (ఇప్పటి, కొద్ది క్షణాల క్రితపు సిగ్నల్ విలువల ఘాతాలను కూడే సూత్రం) వంటి గణిత నమూనాలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వాటి స్థానంలో న్యూరల్ నెట్‌వర్కును పెట్టడమే మీరు చెబుతున్న ఫ్యాషన్. అది పనిచేయదని నేను అనను, వంపు సంక్లిష్టంగా ఉన్నచోట బాగా పనిచేస్తుంది కూడా. నా సందేహాలు వేరు.

మొదటిది, ఈ దిద్దుబాటు జరగవలసింది సెకనుకు కోట్ల కొద్దీ శాంపిళ్ల (సిగ్నల్ విలువల) వేగంతో, పరికరం నడుస్తుండగానే. ఒక్కొక్క శాంపిల్‌కూ ఎన్ని గుణకారాలు చేస్తే అంత కరెంటు ఖర్చవుతుంది. యాంప్లిఫయర్‌లో మిగిల్చిన వాట్లను దిద్దుబాటు చిప్పే తినేస్తే ఫలితం ఏముంది? ఒకే ప్యానెల్ మీద పదుల సంఖ్యలో చిన్న యాంప్లిఫయర్లు పెట్టే మాసివ్ మైమో యాంటెన్నాలలో, ఒక్కొక్కటి పంపేది కొద్ది వాట్లే అయినప్పుడు ఈ లెక్క మరీ బిగుసుకుంటుంది. రెండవది, యాంప్లిఫయర్ నిలకడగా ఉండే వస్తువు కాదు. ఉష్ణోగ్రత మారితే, యాంటెన్నా వైపు ఇంపీడెన్సు (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) మారితే, ట్రాఫిక్ ఒక్కసారిగా పెరిగితే దాని వంపు మారుతుంది. గాలియం నైట్రైడ్‌లో ఎలక్ట్రాన్లు చిక్కుకుని నెమ్మదిగా విడుదల కావడం వల్ల కొద్దిసేపటి క్రితపు సిగ్నల్ ప్రభావం కూడా ఇప్పటి ప్రవర్తనలో కనిపిస్తుంది. ఒక స్థితిలో సేకరించిన డేటాతో శిక్షణ పొందిన నెట్‌వర్కు ఇంకో స్థితిలో తడబడినప్పుడు, కారణం ట్రాన్సిస్టర్‌లో ఉందా, దానికి స్థిర వోల్టేజీ ఇచ్చే బయస్ సర్క్యూట్‌లో ఉందా, కొలిచే రిసీవర్‌లో ఉందా అని పట్టుకోగలిగేది బల్ల దగ్గర కూర్చుని కొలిచిన మనిషే.

నా దగ్గరకు సలహాకు వచ్చిన ఒక విద్యార్థి సంగతి ఇందుకే నాకు పదే పదే గుర్తుకొస్తుంది. ఎవరో కొలిచి పెట్టిన డేటా తీసుకుని చక్కని నెట్‌వర్కు తయారుచేశాడు, ఫలితాలు బాగున్నాయి. ఇంటర్వ్యూలో అడిగింది ఒక్కటే: గేట్ బయస్ (ట్రాన్సిస్టర్ గేటుకు ఇచ్చే స్థిర వోల్టేజీ) కొంచెం పెంచితే నీ ఎదురు వంపు ఎలా మారుతుంది? అతనికి జవాబు తెలియలేదు. అతను తెలివితక్కువవాడు కాడు. తను దిద్దుతున్న వస్తువును ఎప్పుడూ చేత్తో తాకని లోటు అది. అటువంటి ప్రొఫైల్‌తో సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళితే అక్కడ పూర్తిస్థాయి మెషీన్ లెర్నింగ్ చదివినవారితో పోటీ పడాలి, రేడియో కంపెనీకి వెళితే రేడియో తెలిసినవారితో పోటీ పడాలి. మీరు రెండు పడవలున్నాయని ధైర్యపడుతున్న చోట నాకు రెండు పడవల మీద కాళ్లు పెట్టిన ప్రయాణం కనిపిస్తోంది.

మీకు కష్టం కలిగించినా ఒక మాట చెప్పక తప్పదు. మీరు ఇంత పెద్ద ఉత్తరం రాశారు, అందులో మీ అమ్మాయి గొంతు ‘వినడం లేదు’ అన్న రెండు మాటలకు మించి లేదు. ఆమెకు ఈ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో, ఎక్కడ మొదలైందో, ఏ ప్రాజెక్టు చేసిందో మీరు రాయలేదు. అడిగారో లేదో కూడా నాకు తెలియదు. బంధువుల అబ్బాయి జీవితం మాత్రం రాశారు. అతని స్థిరత్వం మీ అమ్మాయి అభిరుచికి కొలబద్ద కాలేదు. చాలామంది పిల్లలు చివరి సంవత్సరంలో ఏం చేయాలో తెలియక తికమకపడుతుంటే, దక్షత, లీనియారిటీల మధ్య ఉన్న ఈ ఘర్షణను తన సమస్యగా ఎంచుకున్న పిల్ల మీ ఇంట్లో ఉంది. దాన్ని మాట వినకపోవడంగా మాత్రమే చూడడం న్యాయం కాదు. పైగా ‘ఏఐ ఉంటుంది కనుక తర్వాత మారవచ్చు’ అంటూ మొదలుపెట్టకముందే వదిలిపెట్టే దారి చూపిస్తే, ఏ పనిలోనైనా లోతుకు దిగాలన్న ఉత్సాహం ఎలా మిగులుతుంది?

ఇరుకన్న భయానికి వస్తే, యాంప్లిఫయర్ నేర్చినవారు మొబైల్ టవర్లకే పరిమితం కారు. రాడార్‌కూ ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లకూ ఇదే విద్య కావాలి. ఎంఆర్‌ఐ స్కానర్‌లో శరీరంలోకి పంపే రేడియో పల్సులను తయారుచేసేది పవర్ యాంప్లిఫయరే. కణాలను వేగవంతం చేసే యాక్సిలరేటర్ల కేవిటీలకు శక్తినిచ్చేవీ, చిప్పుల తయారీలో 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర ప్లాస్మాను రగిలించేవీ ఈ కోవకు చెందినవే. ఉద్యోగాల సంఖ్య సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువ, అది దాచను. మొదటి ఉద్యోగం దొరకడానికి కొంత ఎక్కువ సమయం కూడా పట్టవచ్చు. అయితే అనుభవం పెరిగేకొద్దీ విలువ పెరిగే పని ఇది, ఎందుకంటే ఒక బోర్డు ఎందుకు ఆసిలేట్ అవుతోందో, అంటే దానంతట అదే సిగ్నల్‌ను ఎందుకు పుట్టిస్తోందో పసిగట్టే చూపు పుస్తకంతో రాదు, ఏళ్లతో వస్తుంది. మీ అమ్మాయి ఆలస్యం చేయలేదు, దారీ తప్పలేదు. ఈ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

మీరు అడిగిన పోలిక ఇక కొద్ది మాటల్లో తేలిపోతుంది. సర్క్యూట్ వైపు వెళ్లేవారికి విద్యుదయస్కాంత సిద్ధాంతం, ట్రాన్సిస్టర్ భౌతికశాస్త్రం, ఓపికగా కొలిచే అలవాటు కావాలి; ఒక బోర్డు తయారై చేతికి రావడానికి వారాలు పడుతుంది, తప్పు చేస్తే ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. అల్గారిథమ్ వైపు వెళ్లేవారికి సిగ్నల్ ప్రాసెసింగ్, లీనియర్ ఆల్జీబ్రా, లెక్కను హార్డ్‌వేర్‌లో ఇమిడ్చే నేర్పు కావాలి. ఫలితం త్వరగా కనిపిస్తుంది. మంచి బృందాల్లో ఈ రెండు వైపులవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, ఎందుకంటే ఈరోజు యాంప్లిఫయర్‌ను ప్రీడిస్టార్షన్ ఉంటుందన్న నమ్మకంతోనే దక్షత వైపు మొగ్గించి డిజైన్ చేస్తున్నారు. నా సలహా సర్క్యూట్‌తో మొదలుపెట్టి, రెండవ ఏడాదిలో అల్గారిథమ్ వైపు చేయి చాపమని. ఆ వరుస తిరగబడితే కష్టం, ప్రయోగశాలలో చేయి తిరగడానికి పీజీ రోజులకంటే మంచి అవకాశం తర్వాత దొరకదు.

చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఆమె ఒక చిన్న పని చేస్తే బాగుంటుంది. ఒక మామూలు యాంప్లిఫయర్ తీసుకుని 1000, 1001 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు టోన్లు పంపి, 999, 1002 దగ్గర పుట్టే థర్డ్-ఆర్డర్ (మూడో ఘాతపు) వక్రీకరణను కొలవాలి. తక్కువ శక్తి దగ్గర ఇన్‌పుట్‌ను 1 డీబీ పెంచినప్పుడల్లా అవి 3 డీబీ చొప్పున పెరగడం, గరిష్ఠం దగ్గరకు వచ్చేసరికి ఆ లెక్క తప్పడం ఆమె కళ్లతో చూడాలి. ప్రతి దశలోనూ సరఫరా కరెంటును రాసుకుంటే దక్షత, లీనియారిటీ ఒకే కాగితం మీద రెండు గీతలుగా వస్తాయి. ఆ తర్వాత మాడ్యులేషన్ ఉన్న సిగ్నల్‌తో మెమరీ పాలినామియల్ పెట్టి, ఆపైన మీ కోరిక ప్రకారం చిన్న న్యూరల్ నెట్‌వర్కు కూడా పెట్టి, ఏది ఎంత సరిదిద్దిందో, అందుకు ఒక్కో శాంపిల్‌కు ఎన్ని గుణకారాలు పట్టాయో పోల్చవచ్చు. అప్పుడు మీ ఇద్దరి వాదనకూ సమాధానం ఆమె సొంత కొలతల్లోనే దొరుకుతుంది.

పీజీకి విభాగాన్ని ఎంచుకునేటప్పుడు పేరుకంటే ముందు ప్రయోగశాలను చూడండి. లోడ్-పుల్ బెంచి (లోడును మారుస్తూ యాంప్లిఫయర్‌ను కొలిచే ఏర్పాటు), వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్ (సర్క్యూట్ సిగ్నల్‌ను ఎంత పంపిందో, ఎంత వెనక్కి తిప్పిందో కొలిచే పరికరం), మాడ్యులేషన్ ఉన్న సిగ్నళ్లను పుట్టించే జనరేటర్ ఉన్నాయా, వాటిని విద్యార్థులు స్వయంగా వాడతారా లేక అద్దాల వెనుక నుంచి చూస్తారా అని అక్కడ ఇప్పటికే చదువుతున్నవారిని అడగాలి. ఆ రోజు మీరూ వెంట వెళ్లండి. ప్రశ్నలు మాత్రం ఆమెనే అడగనివ్వండి.