ఇంటర్ కెమిస్ట్రీలో హైబ్రిడైజేషన్ గుర్తుపెట్టుకోవడానికి షార్ట్‌కట్ ఏమైనా ఉందా?

ఉంది తమ్ముడూ, నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే పిల్లలకు నేనూ చెప్తాను. హైబ్రిడైజేషన్ అంటే అణువు ఆకారాన్ని వివరించడానికి పరమాణువులోని ఆర్బిటాళ్ళను, అంటే ఎలక్ట్రాన్లు ఉండే చోట్లను, కలిపి చేసే లెక్క. మధ్యలో ఉన్న పరమాణువు చుట్టూ ఎన్ని దిక్కుల్లో ఎలక్ట్రాన్లు ఉన్నాయో లెక్కపెట్టు, బంధాలున్న దిక్కులూ ఒంటరి జంటలూ (బంధంలో చేరని ఎలక్ట్రాన్ జంటలు) కలిపి. నాలుగైతే ఎస్‌పీ3, మూడైతే ఎస్‌పీ2, రెండైతే ఎస్‌పీ. అంతే. కానీ నీ ప్రశ్న కింద ఇంకో మాట రాశావు చూడు, "టేబుల్ మొత్తం బట్టీ పట్టాను, అయినా తెలియని అణువు ఇస్తే చేతులాడటం లేదు" అని. అసలు రోగం అదీ. దానికి షార్ట్‌కట్ పనిచేయదు, ఎందుకంటే నీకు రానిది హైబ్రిడైజేషన్ కాదు, దాని ముందున్న లెక్క. ఇంత గట్టిగా ఎట్ల చెప్తున్నానంటే నాకూ అదే రోగం ఉండేది, తగ్గింది మా అవ్వ వల్ల. ఆమెకు అక్షరం ముక్క రాదు.

పుంగనూరు దగ్గర పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌కి తిరుపతిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరాను. పేరెందుకులే, అట్లాంటివి ఊరినిండా ఉన్నాయి. ఈ చాప్టర్ మాకు నాలుగు రోజుల్లో అయిపోయింది. మొదటి రోజు అయానిక్, రెండో రోజు కోవలెంట్, మూడో రోజు బోర్డు నిండా ఒక పెద్ద టేబుల్: అణువు, హైబ్రిడైజేషన్, ఆకారం, కోణం. నాలుగో రోజు నుంచి బిట్లు. సార్ ప్రశ్న సగం చదివేలోపే ముందు బెంచీవాళ్ళు "ఆప్షన్ టూ" అని అరిచేవాళ్ళు, నేనూ పెదాలు కదిపేదాన్ని. లోన్ పెయిర్ అంటే ఏందో చాలా రోజులు తెలియదు నాకు. తెలుగు పుస్తకం తెరిస్తే "ఒంటరి జంట" అని ఉంది. జంట అన్నాక మళ్ళీ ఒంటరి ఏంది అని నవ్వుకున్నాను గానీ, ఒకసారి నవ్వినాక ఆ మాట ఇంక మర్చిపోలేదు. తెలుగు మీడియం వాళ్ళను చులకనగా చూసేవాళ్ళకు చెప్తున్నా, ఆ పదాల్లో సగం ఇంగ్లీషు వాటికన్నా బాగా బుర్రకెక్కుతాయి.

ఫిబ్రవరిలో మా హాస్టల్లో ఇద్దరికి అమ్మవారు పోసింది, మూడోది నేను. పెట్టె సర్ది ఇంటికి పంపించేశారు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఒళ్ళంతా వేపాకు, నోటికి చప్పిడి పెరుగన్నం, బుర్రలో టెన్షన్. తలకు పోసుకున్నాక కూడా ఇంకో వారం దాకా రావద్దని హాస్టల్ నుంచి కబురు. మా పక్క ఆ రోజుల్లో చింతపండు కాలం, ఇంటింటా అదే పని. మా పంచలో నలుగురైదుగురు ఆడవాళ్ళు రాళ్ళు ముందర పెట్టుకొని చింతకాయలు కొడతా ఉంటారు, పెంకు ఒక పక్క, ఈనెలు ఒక పక్క, పండు చాటలోకి, గింజలు బుట్టలోకి. వేళ్ళన్నీ నల్లగా, జిగటగా, పంచంతా పుల్లటి వాసన. గింజలు పారేయరు, వాటికీ బేరగాళ్ళు వస్తారు.

నేను ఒక మూలన పుస్తకం పట్టుకొని కూర్చునేదాన్ని. ఏమనిపించిందో ఒకరోజు నేల మీద ముగ్గుపిండితో కార్బన్ డై ఆక్సైడ్ రాశాను, మధ్యలో కార్బన్, అటొక ఆక్సిజన్, ఇటొక ఆక్సిజన్. పుస్తకంలో చుక్కలు పెట్టి చూపిస్తారు కదా, ఆ చుక్కల బదులు చింతగింజలు. ఒక్కో గింజ బయటి కక్ష్యలోని ఒక ఎలక్ట్రాన్, కార్బన్‌కి నాలుగు, ఆక్సిజన్లకు ఆరేసి. కార్బన్‌కి ఆ పక్క ఒక జంట, ఈ పక్క ఒక జంట పెట్టాను, రెండు బంధాలయ్యాయి. ఒక్కో పరమాణువు చుట్టూ ఎనిమిది ఉండాలని కదా పుస్తకం చెప్పేది, ఆ తర్వాత ఎవరి చుట్టూ చూసినా ఎనిమిది కనపడేదాకా పేర్చుకుంటా పోయాను. కుదిరింది. భలే ఉంది అనుకున్నా.

మా అవ్వ చింతపండు కొడతానే ఇటు చూసింది. "ఎన్ని గింజలు తీసుకున్నావు పాపా?" అంది.

"పదహారవ్వా."

"యాడ పదహారు? ఇరవై ఉండాయి. బుట్టలోంచి నాలుగు దొంగిలిస్తివే."

మా అవ్వ వామనగుంటలు ఆడిందంటే ఊళ్ళో ఎవరూ ఎదురు కూర్చోరు. గుంట వైపు ఒక చూపు చూసి ఎన్ని గింజలున్నాయో చెప్పేస్తుంది, వేలు పెట్టదు. లెక్కపెట్టి చూస్తే నిజంగానే ఇరవై. అప్పటిదాకా నోట్‌బుక్‌లో నేను చేసిందీ ఇదే దొంగతనం, చుక్కలకు బుట్ట ఉండదు కాబట్టి ఎవరికీ దొరకలేదు. పెన్నుతో ఎన్ని చుక్కలైనా పెట్టొచ్చు. గింజలైతే తెచ్చినన్నే ఉండాలి.

"ఉండేటివాటితోనే ఆడాల" అని నాలుగూ బుట్టలో వేయించింది. ఇప్పుడు కార్బన్‌కి నాలుగే మిగిలాయి. ఏడుపొచ్చింది. అరగంట అటూ ఇటూ జరిపినాక, ఆక్సిజన్ దగ్గర ఊరికే కూర్చున్న ఒక జంటను మధ్యలోకి తోశాను. ఆక్సిజన్‌కి తగ్గలేదు, ఎనిమిదే. కార్బన్‌కి ఆరయ్యాయి. రెండో పక్కనుంచి ఇంకో జంట తోస్తే ఎనిమిది. రెండు ద్విబంధాలు! ఆ మాట బిట్లలో వందసార్లు చదివాను, కానీ అది ఎవరో పెట్టిన రూలు కాదని, గింజలు చాలక వచ్చిందని ఆరోజే తెలిసింది.

మా ఇంటికీ పెదనాన్న వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. మా ఇంటికి నాలుగు గోడలంటాం మేము, వాళ్ళూ నాలుగే అంటారు, రెండిళ్ళూ కలిపి చుట్టూ తిరిగి లెక్కేస్తే ఏడే. కోవలెంట్ బంధం అంటే ఆ గోడ. రెండు పక్కలా లెక్కకొస్తుంది. దీన్నుంచే నా సొంత పద్ధతి ఒకటి తయారైంది (చాలా పుస్తకాల్లో ఉందిలే, నాకప్పుడు తెలియదు). పంచుకోకపోతే ఎన్ని కావాలి? కార్బన్ డై ఆక్సైడ్‌లో మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు. ఉన్నవి పదహారు. తక్కువ పడ్డవి ఎనిమిది, అంటే ఎనిమిది గింజలు ఉమ్మడి గోడలో ఉండాలి, నాలుగు జంటలు, నాలుగు బంధాలు. నైట్రోజన్ అణువైతే కావలసినవి పదహారు, ఉన్నవి పది, తక్కువ ఆరు, మూడు బంధాలు. నీటికి హైడ్రోజన్‌కి రెండే చాలు కాబట్టి కావలసినవి పన్నెండు, ఉన్నవి ఎనిమిది, రెండు బంధాలు. మిగిలినవి ఒంటరి జంటలు. దీని తర్వాతే నువ్వడిగిన షార్ట్‌కట్ పనికొస్తుంది, ముందు కాదు.

ఇదంతా నేల మీది ఆట. నేల మీద మీథేన్ పెడితే నాలుగు హైడ్రోజన్లు ముగ్గులో నాలుగు దిక్కుల్లా 90 డిగ్రీల్లో కూర్చుంటాయి. పుస్తకమేమో 109.5 అంటుంది. నేను దీన్ని కూడా బట్టీ పట్టేశాను, పేజీ చదునుగా ఉంటుందని, అణువు అట్ల ఉండదని ఎవరూ చెప్పలేదు. గాలికి రాలిన మామిడి పిందె ఒకటి తీసుకొని చీపురు పుల్లలు నాలుగు గుచ్చాను, ఒకదానికొకటి ఎంత దూరం పోగలిగితే అంత దూరంగా. కింద పెడితే మూడు కాళ్ళ మీద నిలబడి నాలుగోది పైకి చూస్తా ఉంది. దొర్లించాను. మళ్ళీ అంతే. చేలో వట్టి కాళ్ళతో తిరిగినోళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, పల్లేరుకాయ ఎట్ల పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. కోణాలు సరిగ్గా అవే అనను గానీ, చతుర్ముఖీయం (టెట్రాహెడ్రల్, ఆ నాలుగు పుల్లల ఆకారం) అనే మాట కన్నా పల్లేరుకాయ నాకు తొందరగా గుచ్చుకుంది.

అమోనియాకి ఒక పుల్ల తీసేయకూడదు, అక్కడ హైడ్రోజన్ లేదంతే, ఒంటరి జంట ఉంది. అది రెండు కేంద్రకాల మధ్య లాగబడి ఉండదు, ఒక్క కేంద్రకం దగ్గరే ఉంటుంది కాబట్టి ఒళ్ళు విరుచుకొని కూర్చుంటుంది, చిత్తూరు బస్సులో ముగ్గురి సీట్లో కాళ్ళు చాపుకొని కూర్చునే పెద్దమనిషి మాదిరి. మిగతావాళ్ళు దగ్గరికి జరగాల్సిందే. అందుకే 109.5 కాస్తా అమోనియాలో 107 అయింది, నీటిలో అట్లాంటి పెద్దమనుషులు ఇద్దరు కాబట్టి 104.5. నీటి అణువు వంగి ఉంది గనకే దానికి ద్విధ్రువ భ్రామకం (అణువులో ఆవేశం ఒక పక్కకు ఎంత లాగబడిందో చెప్పే కొలత) 1.85 డిబై వచ్చింది. కార్బన్ డై ఆక్సైడ్‌లో బంధాలు రెండూ ధ్రువమైనవే, కానీ ఎదురెదురుగా లాగి సున్నా చేసేస్తాయి.

ఇప్పుడు నా అసలు కోపం. "మీథేన్ ఎందుకు చతుర్ముఖి?" అంటే "ఎస్‌పీ3 కాబట్టి" అని రాస్తే ఫుల్ మార్కులు. ఇది తలకిందులు. కార్బన్ నాలుగు చేతులూ చతుర్ముఖిలా ఉంటాయని వాంట్ హాఫ్, లె బెల్ అనే ఇద్దరు కెమిస్టులు విడివిడిగా చెప్పింది 1874లో. అప్పటికి ఎలక్ట్రాన్‌నే కనుక్కోలేదు, థామ్సన్ 1897లో చూపించాడు. తర్వాత వాంట్ హాఫ్ పశువైద్య కళాశాలలో పనిచేస్తుంటే, దాన్ని పట్టుకొని కోల్బే అనే పెద్ద ప్రొఫెసర్ ఎగతాళి కూడా చేశాడు, అదే వాంట్ హాఫ్‌కి 1901లో కెమిస్ట్రీ మొట్టమొదటి నోబెల్ వచ్చింది (వేరే పనికి, అయినా నాకు సంతోషమే). ఎలక్ట్రాన్లను చుక్కలుగా పెట్టి, బంధం అంటే ఒక జంట అని చెప్పింది లూయిస్ అనే కెమిస్టు, 1916. పౌలింగ్ హైబ్రిడైజేషన్ 1931. అంటే ఆకారం ముందు తెలుసు, దాన్ని ఆర్బిటాళ్ళ భాషలో చెప్పడానికి తర్వాత కట్టిన లెక్క ఎస్‌పీ3. అది కారణం కాదు, వర్ణన. మనోళ్ళు చివర వచ్చినదాన్ని మొదటి రోజు బోర్డు మీద రాసి, మొదట వచ్చినదాన్ని అసలు చెప్పరు. లూయిస్ సంగతి చూడు, 1902లోనే పిల్లలకు పాఠం చెప్పే యాతనలో ఘనాల మూలల్లో ఎలక్ట్రాన్లు పెట్టి బొమ్మలు గీసుకున్నాడు. ఆయనకూ ఏదో ఒక చింతగింజ కావలసి వచ్చింది. ఆయనకు నోబెల్ ఇవ్వలేదు, అది ఇంకో కోపం.

ఇంకొకటి చెప్పి వదిలేస్తా. దేవుడి గూట్లో కర్పూరం డబ్బా తెరిచి ఉంచితే కొన్నాళ్ళకు బిళ్ళలు సన్నబడతాయి. మా అవ్వ అందులో మిరియాలు వేసి పెట్టేది, ఆవిరి కాకుండా. మా ట్యూషన్ పిల్లల్ని కర్పూరం ఎందుకు ఆవిరవుతుంది అంటే ఠక్కున "బంధాలు తెగి" అంటారు. తెగవు! పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఉన్న అణువు చెక్కుచెదరకుండా లేచి వచ్చి నీ ముక్కులో కూర్చుంటేనే ఆ వాసన. తెగింది అణువుకీ అణువుకీ మధ్య ఉన్న బలహీనమైన పట్టు మాత్రమే. ఉప్పులో అసలు అణువే లేదు, ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, అట్ల జాడీ మొత్తం పట్టుకొని ఉంటాయి, అందుకే 801 డిగ్రీలకు గానీ కరగదు. ఇక హారతిలో కర్పూరం మండేటప్పుడు వేడి బంధాలు తెగడం వల్ల వస్తుందని రాసే పిల్లల్ని చూస్తే నాకు బీపీ. తెంచడానికి శక్తి ఖర్చవుతుంది, కొత్తగా కార్బన్ డై ఆక్సైడ్, నీళ్ళు ఏర్పడేటప్పుడు అంతకన్నా ఎక్కువ తిరిగొస్తుంది. హైడ్రోజన్ అణువులో ఆ ఒక్క బంధం తెంచడానికే మోల్‌కి 436 కిలోజౌళ్ళు పోయాలి.

గింజల ఆట అన్నిచోట్లా గెలవదు, అదీ చెప్పాలి. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ ఆరుతో సరిపెట్టుకుంటుంది, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్ చుట్టూ పన్నెండు కనిపిస్తాయి, నైట్రిక్ ఆక్సైడ్‌లో మొత్తం పదకొండు కాబట్టి ఒక గింజ జత లేకుండా మిగిలిపోతుంది. ఆక్సిజన్ ఇంకా మోసం: గింజలన్నీ జతపడ్డట్టే కనిపిస్తాయి, కానీ ద్రవ ఆక్సిజన్ అయస్కాంతానికి అంటుకుంటుంది, అంటే జత కానివి రెండున్నాయి. దానికి మాలిక్యులర్ ఆర్బిటాల్ పాఠం చదవాల్సిందే.

హాస్టల్లో చింతగింజలు దొరక్కపోతే మెస్సులో పచ్చి శనగలు అడుగు, ఇస్తారు. ఈ రాత్రి మీథేన్, అమోనియా, నీళ్ళు, కార్బన్ డై ఆక్సైడ్, నైట్రోజన్ వేసుకో. బుట్టలోంచి దొంగతనం వద్దు. తర్వాత ఓజోన్ వెయ్యి. కావలసినవి ఇరవై నాలుగు, ఉన్నవి పద్దెనిమిది, తక్కువ ఆరు, మూడు జంటలు, పెట్టడానికి రెండే చోట్లు. ఒక పక్క రెండు జంటలు, ఇంకో పక్క ఒకటి పెట్టాల్సి వస్తుంది, కానీ కొలిచి చూస్తే రెండు పక్కలా బంధం పొడవు ఒకటే, 128 పికోమీటర్లు. ఏ పక్క పెట్టాలో తేలక నేను ఆ పంచలో సాయంత్రం దాకా కూర్చున్నాను. నువ్వు కూడా కాసేపు కూర్చో, రెజొనెన్స్ అనే పేజీ ఆ తర్వాత తిప్పు.