అచ్చు సందేహాలు: గంగమ్మ జాతరకు ఒక వ్యంగ్య పుస్తకం

ప్రశ్న: తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మా వీధి కుర్రోళ్లం కలిసి చిన్న వ్యంగ్య పుస్తకం వేద్దామనుకుంటా ఉండాం సార్. కార్టూన్లు, ఉత్తుత్తి ప్రకటనలు, తిట్లు దండిగా రాసిపెట్టినాం. ఎన్ని పేజీలు చేయాలో, ఏది ఎక్కడ పెట్టాలో తెలీడం లేదు. 300 కాపీలు అనుకున్నాం.
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: 16 పేజీలు చేయండి. ఏ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. అందుకే మొత్తం పేజీలు ఎప్పుడూ నాలుగు లెక్కన పెరుగుతాయి. 14 పేజీలకే సరుకుంటే రెండు పేజీలు ఖాళీగా మిగులుతాయి. 16 అనడానికి ఇంకో కారణం జాతరలోనే ఉంది. ఒకటో పేజీ అట్ట, అక్కడ చాటింపు. 2, 3 బైరాగి వేషం. 4, 5 బండ వేషం. 6, 7 తోటి, అంటే ఊరి పారిశుధ్య పనివాడి వేషం. 8, 9 దొర. 10, 11 మాతంగి. 12, 13 సున్నపు కుండలు. 14, 15 జాతర రోజు. 16 వెనక అట్ట.

దొర వేషం సరిగ్గా నడిమి పేజీల్లో పడింది చూడండి. 16 పేజీల పుస్తకంలో ఎదురెదురు పేజీలు రెండూ ఒకే కాగితం మీద, ఒకే వైపు అచ్చయ్యేది 8, 9 దగ్గరే. లోపల మిగిలినచోట్ల ఎడమ పేజీ ఒక కాగితంలోది, కుడి పేజీ ఇంకో కాగితంలోది. రెండు పేజీలకూ సాగే బొమ్మ అక్కడ పెడితే మడత దగ్గర మీసం ఒకచోట, మూతి ఒకచోట పడతాయి. పెద్ద బొమ్మ ఏదున్నా 8, 9కే దాచుకోండి.

జాతర కథలో గంగమ్మకు భయపడి దాక్కున్న పాలెగాడు బయటికొచ్చింది ఆమె వేసిన దొర వేషానికే. నిజంగా దొరే వచ్చాడని నమ్మాడు కాబట్టి వచ్చాడు. మీ దొర పేజీకీ ఇదే సూత్రం. ఆఫీసు ఉత్తర్వును ఎగతాళి చేయాలంటే పేజీ అచ్చం ఉత్తర్వులాగే ఉండాలి. పైన నంబరు, తేదీ, కింద ‘విషయం’, ‘సూచిక’, మూడు చుక్కలు, ఆ తర్వాత ‘ఉత్తర్వులు’. ‘విషయం: తవ్విన రోడ్డును పూడ్చకముందే మరల తవ్వుటకు అనుమతి మంజూరు చేయుట – గురించి’ అని రాస్తే చాలు, నవ్వు ఆ ‘చేయుట గురించి’లోనే ఉంది. దాని పక్కన నవ్వే ముఖం బొమ్మ పెట్టినా, అక్షరాలను వంకర్లు తిప్పినా వేషం జారిపోతుంది. లోపలి మాట ఎంత అల్లరిదైతే పేజీ అంత బుద్ధిగా కనిపించాలి.

మాతంగి వేషంలో మగవాళ్లు చీర కడతారు కాబట్టి ఆ పేజీకి ఇంటి చాకిరీ బిల్లు బాగుంటుంది. కిరాణా కొట్టు రసీదు పద్ధతిలో వరుస నంబరు, వివరం, పరిమాణం, మొత్తం అని గడులు గీసి, ‘తోమిన గిన్నెలు – 46’ అంటూ నింపుకుంటూ పోండి. బండ వేషానికి తిట్లు ఆనవాయితీయే. కానీ కులం, ఒంటి రంగు, అవిటితనం, ఆడవాళ్ల మీద కట్టిన తిట్లన్నీ తీసేయండి. తోటి పేజీలో తోటివాణ్ణి చూసి నవ్వకూడదు. కాలవ ఎందుకు తీయలేదని తోటే పెద్దలను నిలదీయాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీ పడవద్దు.

అచ్చుకు పేజీలు పక్కపక్కన ఎలా కూర్చోవాలంటే: మొదటి కాగితం ముందువైపు 16, 1, వెనక 2, 15. రెండోది 14, 3. వెనక 4, 13. మూడోది 12, 5. వెనక 6, 11. నాలుగోది 10, 7. వెనక 8, 9. ఏ జత కూడినా 17 రావాలి, రాకపోతే ఎక్కడో తప్పింది. మొదలుపెట్టే ముందు నాలుగు చిత్తు కాగితాలు మడిచి, పెన్సిలుతో పేజీ నంబర్లు వేసి, దాన్ని ఎదురుగా పెట్టుకుని పనిచేయండి. 300 కాపీలకు 1200 కాగితాలు కావాలి. రీముకు 500 చొప్పున మూడు రీములు కొంటే 300 మిగులుతాయి, చెడిపోయేవాటికీ నమూనాలకూ సరిపోతాయి.

ప్రశ్న: ఉగాదికి మా కాలేజీలో హాస్య పంచాంగం వేస్తున్నాం. ఫోన్లో టైపు చేసి పంపిస్తే డీటీపీలో అంతా చెత్త అక్షరాలు వచ్చాయట. సరిచేశాక కూడా వత్తులు తప్పుగా ఉన్నాయి.
– అధ్యాపకురాలు, చిత్తూరు

జవాబు: ఫోన్లో మీరు కొట్టేది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే అక్షర సంకేతం. చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే ఫాంట్లు వాడుతున్నాయి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. నేరుగా అతికిస్తే ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో వస్తాయి. కన్వర్టరుతో మార్చుకోవాలి, మార్చాక మళ్లీ దిద్దాలి. ముఖ్యంగా పొల్లు మీద ఆగే మాటలు చూడండి. ‘వాట్సాప్‌లో’ అన్నప్పుడు ప్ తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. మార్పిడిలో అది పోతే ‘వాట్సాప్లో’ అయి కూర్చుంటుంది. ‘సాఫ్ట్‌వేర్’, ‘పేజ్‌మేకర్’ లాంటివన్నీ ఈ జబ్బు పడేవే. క్ష, క్ష్మ, ర వత్తు ఉన్న మాటలనూ విడిగా వెతికి చూడండి.

ఈ తిప్పలేమీ లేకుండా మొత్తం యూనికోడ్‌లోనే పేజీలు కట్టుకోవచ్చు. లిబ్రే ఆఫీస్ ఉచితం. స్క్రైబస్ అయితే 1.5.3 గానీ ఆ తర్వాతిది గానీ వాడండి, అంతకు పాతదానిలో వత్తులు విడిపోతాయి. ఇన్‌డిజైన్‌లో పారాగ్రాఫ్ మెనూలో ‘వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోకపోతే తెలుగు చెదురుతుంది. లోపలి పాఠానికి పోతన2000 గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ, శీర్షికలకు రామభద్ర. ఈ ఫాంట్లన్నీ ఉచితంగా దొరుకుతాయి. అక్షరం 12 పాయింట్లయితే వరుసల ఎడం 17, 18 ఉండాలి. ఇంగ్లిషుకు సరిపోయే 14 పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడి దీర్ఘాల మీద ఎక్కుతాయి.

ప్రెస్సుకు పీడీఎఫ్ ఇవ్వండి, ఫాంట్లు అందులోనే ఇమిడి ఉండాలి. వాట్సాప్‌లో బొమ్మగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

పంచాంగం గురించి ఒక మాట. ఆదాయ వ్యయాలకు అసలు పంచాంగంలో వచ్చే అంకెలు 2, 5, 8, 11, 14 మాత్రమే. మీరు ఆదాయం 9, వ్యయం 37 అని రాస్తే పంచాంగం చూసే అలవాటున్నవాళ్లు మొదటి వరుసలోనే చేయి విదిలిస్తారు. ‘హాస్టల్ రాశి: ఆదాయం 2, వ్యయం 14, మెస్ కంట్రాక్టర్ రాశి: ఆదాయం 14, వ్యయం 2’ అంటే పంచాంగం లెక్కా తప్పదు, దెబ్బా తగులుతుంది.

ప్రశ్న: జిరాక్స్‌లో మా చిన్న పుస్తకం పది కాపీలు తీసి చూశాం. వెనక పేజీలు తలకిందులుగా వచ్చాయి. నల్లటి అట్ట మచ్చలు మచ్చలుగా ఉంది, మడత దగ్గర పొట్టు రాలుతోంది.
– పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: పేజీలు అడ్డంగా ఉన్నాయి కాబట్టి రెండు వైపులా ముద్రించేటప్పుడు ‘షార్ట్ ఎడ్జ్’ (పొట్టి అంచు) మీద తిప్పమని చెప్పాలి. ‘లాంగ్ ఎడ్జ్’ (పొడవు అంచు) పెడితే తలకిందులే.

జిరాక్స్ టోనరు కాగితంలోకి ఇంకదు, పైన కరిగి అంటుకుంటుంది. పెద్ద భాగమంతా నలుపు పెడితే సమంగా పడదు, మడిస్తే పగిలి రాలుతుంది. మడతకు అటూ ఇటూ అర సెంటీమీటరు తెల్లగా వదిలేసి, నలుపు బదులు పసుపు రంగు కాగితం మీద గీతల బొమ్మ వేయండి. జాతరకైనా ఉగాదికైనా పసుపు అట్టే అందం. అంచు దాకా రంగు కోరుకోవద్దు. మెషిన్ అంచున కొద్ది మేర అచ్చు వేయలేదు కాబట్టి నాలుగు వైపులా 10 మిల్లీమీటర్లు వదలండి. పెన్సిలు బొమ్మలు బూడిదలాగా వస్తాయి. నల్ల ఇంకు పెన్నుతో గీసి 600 డీపీఐలో స్కాన్ చేయండి. నల్లటి భాగంలో తెల్ల తెలుగు అక్షరాలు పెట్టాల్సి వస్తే 16 పాయింట్లకు తగ్గకూడదు, తగ్గితే వత్తులు పూడుకుపోతాయి.

కాపీలు వందలు దాటితే ప్రశ్నపత్రాలు వేసే రైసో మెషిన్ ఎక్కడుందో కనుక్కోండి. ఒక్కో వైపుకు ఒక మాస్టరు (అచ్చు తీసే స్టెన్సిల్ కాగితం) చొప్పున 16 పేజీల పుస్తకానికి ఎనిమిది మాస్టర్లు. వాటి ఖర్చు అన్ని కాపీలకూ పంచుకుంటుంది కాబట్టి కాపీలు పెరిగేకొద్దీ చవక. ఆ ఇంకు నున్నటి ఆర్ట్ పేపరు మీద ఆరదు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు), నునుపు పూత లేని మ్యాప్‌లిథో తీసుకోండి. 70 అయితే వెనక అక్షరాలు ముందుకు కనిపిస్తాయి. ఒక వైపు వేశాక రాత్రంతా ఆరనిచ్చి రెండో వైపు వేయించండి. తొందరపడితే రోలర్ల మరకలు పడతాయి.

ప్రశ్న: ఇలాంటి వ్యంగ్య పుస్తకాలు వేస్తే కేసులవుతాయని ఇంట్లో భయపెడుతున్నారు. నిజమేనా?
– పాఠకుడు, తిరుపతి

జవాబు: తెలుసుకుని చేస్తే భయం అక్కర్లేదు. పరువునష్టం భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడం 299. పేరు పెట్టి ఏ మనిషికీ చేయని పనిని అంటగట్టవద్దు. వీధిని, ఆఫీసును, అలవాటును పట్టుకోండి. తిరుపతిలో దేవుడి జోలికి వెళ్లకుండానే గది అద్దెలు, ఆటో బేరాలు, ట్రాఫిక్ మీద పుస్తకమంతా నింపవచ్చు. ఉత్తుత్తి ఉత్తర్వు మీద మూడు సింహాల చిహ్నం వాడకూడదు, దానికి 2005 నాటి చట్టం విడిగా ఉంది. దాని స్థానంలో మీ సొంత ముద్ర, మూడు మేకలో మూడు ఇస్త్రీ పెట్టెలో, గీసుకోండి.

దొర పేజీ ఫొటో తీసి ఎవరైనా ఫోన్లలో తిప్పితే నిజమైన ఉత్తర్వని నమ్మేవాళ్లుంటారు. అందుకే ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ‘జాతర వ్యంగ్య పుస్తకం’ అని ఉండాలి. ఒక్క అట్ట మీద ఉంటే చాలదు. వెనక అట్ట మీద ప్రచురించినవారి పేరు, ప్రెస్సు పేరు, ఊరు వేయండి. పేరు దాచుకున్న వ్యంగ్యం కంటే పేరు పెట్టిన వ్యంగ్యానికే జనంలో మన్నన. పత్రికల రిజిస్ట్రేషన్‌కు 2024 మార్చి నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది. అది క్రమం తప్పకుండా వచ్చే పత్రికలకు. ఒకసారి వేసే పుస్తకం మీద ‘సంపుటి 1, సంచిక 1’ అని సరదాకైనా రాయవద్దు. ఎన్నికల వేళ అభ్యర్థులను ఉద్దేశించిన కరపత్రమైతే ముద్రాపకుడు, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు తప్పనిసరి.

ప్రశ్న: మామూలు స్టేప్లరు పుస్తకం మడత దాకా అందడం లేదు. ఏం చేయాలి?
– పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఏ4 మడత అంచు నుంచి దాదాపు 15 సెంటీమీటర్ల లోపల ఉంటుంది, చిన్న స్టేప్లరు చేయి అంతదూరం పోదు. పొడవు చేయి స్టేప్లరు స్టేషనరీ షాపుల్లో అడగండి. లేదంటే స్టేప్లరును పూర్తిగా విప్పి, పుస్తకాన్ని తెరిచి అట్ట పైకి ఉండేలా థర్మాకోల్ ముక్క మీద పరచి, సరిగ్గా మడత గీత మీద పిన్ను గుచ్చండి. పైకి లేపి, లోపలివైపు కాళ్లను చెంచా వెనకభాగంతో వంచండి. పై అంచు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, కింది అంచు నుంచి అంతే దూరంలో ఇంకొకటి. ముందు మడిచి, తర్వాతే పిన్ను కొట్టాలి. మడవకుండా కొడితే గీత తప్పి పుస్తకం వంకర తిరుగుతుంది.