ఆలస్యంగా వచ్చే ప్రధాన స్ట్రైకర్: జరిమానా సరిపోనప్పుడు

మీరు కోచ్‌గా ఉన్న ఫుట్‌బాల్ జట్టులో అత్యధిక గోల్స్ చేసే స్ట్రైకర్ శిక్షణకు తరచూ ఆలస్యంగా వస్తున్నాడని, రెండుసార్లు జరిమానా వేసినా మారలేదని, యువ ఆటగాళ్లూ అదే దారి పడుతున్నారని రాశారు. జరిమానాను ఇంకా పెంచడం వల్ల ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం. భారీ జీతం తీసుకునే ఆటగాడికి అది ఆలస్యానికి చెల్లించే రుసుముగానే కనిపిస్తుంది.

ముందుగా అతనితో ఏకాంతంగా మాట్లాడి, కారణం నిద్రలేమా, ఇంటి సమస్యా, కాంట్రాక్టు చర్చలు నిలిచిపోయాయన్న అసంతృప్తా అన్నది తెలుసుకోండి. మూడోదే అయితే, అది క్రమశిక్షణ లోపం రూపంలో బయటపడిన యాజమాన్య సమస్య కనుక, మీరొక్కరే పరిష్కరించలేరు. ఆ తర్వాత కూడా ఆలస్యమైతే తదుపరి మ్యాచ్ తుది జట్టు నుంచి తప్పించండి. ఒక ఓటమి ఎదురైనా భరించక తప్పదు. నియమాలను సీనియర్ ఆటగాళ్ల చేతనే రాయిస్తే, ఆ నిర్ణయం మీ వ్యక్తిగత కక్షగా కనిపించదు.

అయితే "ఇక ఎప్పటికీ ఆడించను" అని మాత్రం ప్రకటించకండి. 2011 సెప్టెంబరులో మ్యూనిక్‌లో జరిగిన మ్యాచ్‌లో తన స్ట్రైకర్ కార్లోస్ టెవెజ్ ఆడటానికి నిరాకరించాడని ఆరోపించిన ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ సిటీ కోచ్ రాబర్టో మాన్సిని ఆవేశంలో దాదాపు అదే మాట అన్నారు. టెవెజ్ క్షమాపణ చెప్పాక 2012 మార్చిలో తిరిగి ఆడించారు, ఆ సీజన్‌లో సిటీ ప్రీమియర్ లీగ్ గెలిచింది. మీ స్ట్రైకర్‌కు కూడా తిరిగి రావడానికి ఏం చేయాలో, ఎంత గడువులో చేయాలో మొదటి సమావేశంలోనే స్పష్టంగా చెప్పండి.