పొలం తాకట్టు పెట్టి వెళ్ళాలా, ఉద్యోగం చేతిలో పెట్టుకుని వెళ్ళాలా?

ప్రశ్న: అక్కా నమస్తే. నాకు 27 ఏళ్ళు, మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, నాన్న మిర్చి వేస్తారు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో నాలుగేళ్ళుగా ఒకే కంపెనీలో సపోర్ట్ ప్రాజెక్ట్‌లో ఉన్నా, 9 లక్షల ప్యాకేజీ. మా బ్యాచ్‌లో చాలామంది ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళిపోయారు, నాన్న కూడా పొలం తాకట్టు పెట్టి 40 లక్షలు లోన్ తీసుకుందాం నువ్వూ వెళ్ళు అంటున్నారు. రూమ్మేట్ ఏమో జర్మనీ ట్రై చెయ్యి, మళ్ళీ చదవక్కర్లేదు అంటున్నాడు. చెల్లి పెళ్ళి ఇంకా చెయ్యాలి. ఏం చెయ్యమంటారు?
(పేరు రాయొద్దన్నారు, పల్నాడు జిల్లా)

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పొలం సంగతి తేల్చుకుందాం, మిగతావన్నీ తర్వాత. 40 లక్షలకి 11 శాతం వేసుకుని లెక్క కట్టు, నెలకి 36 వేల పైచిలుకు వడ్డీకే పోతుంది, అసలు కదలదు. నువ్వు అక్కడ క్లాసులో కూర్చున్న రెండేళ్ళూ ఆ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, ఇక్కడ మిర్చి రేటు పడిపోయిన ఏడాది నాన్న దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి కడతారు, మధ్యలో చెల్లికి సంబంధం కుదిరితే ఏం చేస్తారు, ఇది నాన్నతో కూర్చుని కాగితం మీద రాసి మాట్లాడు. ఫోన్‌లో కాదు, ఊరెళ్ళి.

అమెరికాలో చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడే పని చేసుకునే అనుమతి, 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సైతే ఇంకో 24 నెలలు. ఈలోపు హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా లాటరీ తగలాలి. ఏడాదికి 65 వేల వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20 వేలు, ప్రపంచం మొత్తానికీ అంతే. తగిలినా గ్రీన్ కార్డ్ దగ్గర ఏ దేశానికైనా 7 శాతం పరిమితి ఉంది, మనవాళ్ళు ఎక్కువమంది కాబట్టి క్యూ ఏళ్ళకేళ్ళు సాగుతుంది. చదవకుండా ఇక్కడినుంచి నేరుగా హెచ్‌1బీ మీద వెళ్దామంటే, 2025 సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక ఆ దారి కంపెనీలకే బరువైపోయింది. అమెరికా వద్దని నేను అనట్లేదు, ఒక సబ్జెక్ట్ లోతుగా నేర్చుకోవాలన్న ఇష్టం నిజంగా ఉండి, ఖర్చులో పెద్ద భాగం స్కాలర్‌షిప్ మీద వెళ్ళగలిగితే హాయిగా వెళ్ళు. వీసా కోసం చదువు కొనుక్కోవడం మాత్రం వద్దు. మిషిగన్‌లో ఇమిగ్రేషన్ వాళ్ళే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ, ఫార్మింగ్టన్, 2019లో బయటపడ్డప్పుడు పట్టుబడ్డ పిల్లల్లో మన తెలుగువాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఆ వారం ఇక్కడ ఇళ్ళల్లో తల్లులు పడ్డ బాధ తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

జర్మనీ గురించి ఇంకొంచెం ఎక్కువ చెప్పగలను, మ్యూనిక్‌లో ఆరేళ్ళు పనిచేశా. మీ రూమ్మేట్ చెప్పింది నిజమే, నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాడు మళ్ళీ చదవక్కర్లేదు. ఆఫర్ చేతిలో ఉంటే బ్లూ కార్డ్, అంటే డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్, వస్తుంది. 2026లో ఐటీ లాంటి కొరత ఉన్న ఉద్యోగాలకి ఏడాదికి దాదాపు 45,934 యూరోల జీతం ఉండాలి, మిగతావాటికి 50,700. నీ కాలేజీ, నీ డిగ్రీ విదేశీ డిగ్రీలకి అక్కడ గుర్తింపు ఉందో లేదో చెప్పే అనాబిన్ అనే డేటాబేస్‌లో ఎలా ఉన్నాయో ఇవాళే చూసుకో, దానికి పైసా ఖర్చు లేదు. వెళ్ళాక 27 నెలలకి పర్మనెంట్ రెసిడెన్స్ అడగొచ్చు, జర్మన్ భాషలో బీ1 అనే మధ్య స్థాయి పరీక్ష పాసైతే 21 నెలలకే. వడ్డీ కట్టుకుంటూ లాటరీ కోసం చూసే పని లేదు.

అయితే అసలు ఇబ్బంది వీసా దగ్గర కాదు తమ్ముడూ, నీ సపోర్ట్ ప్రాజెక్ట్ దగ్గర. నాలుగేళ్ళు టికెట్లు, అంటే వచ్చిన కంప్లైంట్లు, క్లోజ్ చేసినవాణ్ణి అంత దూరం నుంచి పిలిపించుకోవడానికి అక్కడి కంపెనీకి కారణం కనపడదు. నేను ఆ ఇంటర్వ్యూల్లో అటువైపు కూర్చున్నా కాబట్టి చెప్తున్నా, మనవాళ్ళు చాలామంది ‘మా టీమ్ చేసింది, మేము మైగ్రేట్ చేశాం’ అంటారు, సరే అందులో నువ్వేం చేశావ్ అని అడగ్గానే మాట ఆగిపోతుంది. ఒకబ్బాయి మాత్రం పేమెంట్ సర్వీస్‌లో ఒకే ట్రాన్సాక్షన్ రెండుసార్లు పడిపోతుంటే ఎలా పట్టుకున్నాడో, లాగ్స్‌లో ఏం చూశాడో, మొదట ఏ తప్పు చేశాడో బోర్డ్ మీద గీసి చెప్పాడు, ఇంగ్లీష్ తడబడుతూనే ఉంది, అయినా అందరం ఒప్పుకున్నాం. నీకూ సపోర్ట్‌లో అలాంటివి తగిలే ఉంటాయి, వాటిని రాసిపెట్టుకో. ఈ ఏడాది హైదరాబాద్‌లోనే డెవలప్‌మెంట్ రోల్‌కి మారు, జీతం ఒక రూపాయి పెరగకపోయినా మారు. సాయంత్రాలు గోథే సెంటర్‌లో జర్మన్ భాష మొదటి మెట్టు ఏ1 మొదలుపెట్టు, హైదరాబాద్‌లో ఉంది. ఇంగ్లీష్‌తో నడిచే టీమ్‌లు ఉన్నమాట నిజమే కానీ నాలుగు జర్మన్ ముక్కలు వచ్చినవాడికి దారి వెడల్పుగా ఉంటుంది. ఇంకోటి, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెడతాం, నీ బదులు ఇంకొకణ్ణి ఇంటర్వ్యూకి కూర్చోబెడతాం అనేవాళ్ళ గడప తొక్కకు, అక్కడ మొదటి ఆరు నెలలు ప్రొబేషన్, రెండు వారాల నోటీస్‌తో పంపించేస్తారు.

చేతికొచ్చే డబ్బు కూడా ముందే తెలుసుకో. ఏడాదికి 60 వేల యూరోలంటే పెళ్ళికానివాళ్ళకి పన్నులూ ఇన్సూరెన్సూ పోను నెలకి మూడు వేల పైన కొంచెం మిగులుతుంది, మ్యూనిక్‌లో చిన్న ఇంటికి అందులో వెయ్యి దాటిపోవడం మామూలే, పైగా మూడు నెలల అద్దె దాకా డిపాజిట్. నేను మొదటి ఇంటి తలుపు తీసినప్పుడు వంటింట్లో గోడలోంచి రెండు గొట్టాలూ మూడు వైర్లూ తప్ప ఏమీ లేవు. సింకు లేదు, స్టవ్ లేదు, సీలింగ్‌కి బల్బు కూడా లేదు, పాత అద్దెవాళ్ళు పీక్కుని వెళ్ళిపోయారు, అక్కడ అదే పద్ధతట. అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసా కిటికీ గట్టు మీద పెట్టుకుని పది రోజులు బ్రెడ్‌తో తిన్నా. ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం ఆలస్యమై టౌన్ ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ కాలేదు, దాంతో ట్యాక్స్ నంబర్ రాలేదు, మొదటి నెల జీతంలో దాదాపు సగం కోత పడింది. తర్వాత వెనక్కొచ్చిందనుకో, కానీ ఆ నెల గడవడానికి చేతిలో డబ్బుండాలి. అందుకే నాలుగైదు లక్షలు సొంతంగా దాచుకుని బయల్దేరు, పొలం జోలికి పోవద్దు.

ప్రశ్న: అక్కా, నేను ఐదేళ్ళుగా టెస్టింగ్‌లో చేస్తున్నా. మా ఆయనకి రెండు ఆఫర్లు వచ్చేలా ఉన్నాయి, ఒకటి ఇక్కడి కంపెనీ నుంచి అమెరికాకి హెచ్‌1బీ మీద, ఇంకోటి బెర్లిన్‌లో. నాకు ఇంట్లో కూర్చోవడం ఇష్టం లేదు, ఎవరికీ చెప్పలేకపోతున్నా.
(విశాఖపట్నం)

జవాబు: చెల్లీ, ముందు ఆయనకి చెప్పు, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే. హెచ్‌1బీ వాళ్ళ భార్యకిచ్చే హెచ్‌4 వీసా మీద వెళ్తే వెళ్ళగానే పని చెయ్యడానికి లేదు. మీ ఆయన గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో కంపెనీ వేసే ఐ-140 అనే పిటిషన్ అప్రూవ్ అవ్వడం లాంటిది జరిగితేనే నువ్వు వర్క్ పర్మిట్ అడగ్గలవు, ఆ వెసులుబాటు 2015 నుంచే ఉంది. అది ఎప్పుడవుతుందో చెప్పలేం, ఏళ్ళు పట్టొచ్చు. బ్లూ కార్డ్ భార్యకి జర్మనీలో మొదటి రోజు నుంచీ పని చేసే హక్కు ఉంటుంది, వీసాకి జర్మన్ పరీక్ష కూడా అడగరు. జీతాలు పోల్చేటప్పుడు నీ జీతం కూడా అందులో కలిపి పోల్చమను, అది నీ హక్కు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్‌ని. మా బాబు టెక్సాస్‌ల హెచ్‌1బీ మీద చేస్తుండె, పోయిన వారం ఉద్యోగం తీసేసిన్రట. 60 రోజులే టైమ్ ఉన్నదంటుండు. ఫోన్ చేస్తే సరిగ్గ మాట్లాడ్తలేడు. నాకేం తోస్తలేదు.
(కరీంనగర్)

జవాబు: సార్, 60 రోజులన్నది నిజమే. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యొచ్చు, కుదరకపోతే అదే గడువులో విజిటర్ స్టేటస్‌కి మార్చమని అప్లై చేసి కొంత టైమ్ తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు, లాయర్‌ని అడగమనండి. ఇవన్నీ బాబుకి తెలిసే ఉంటాయి. మాట్లాడకపోవడం మాత్రం మీకు మొహం చూపించలేక సార్, ఇలాంటి పిల్లల్ని నేను దగ్గరనుంచి చూశాను. రేపు పొద్దున ఫోన్ చేసినప్పుడు ఉద్యోగం ఊసెత్తకండి. తిన్నావా అని అడగండి. అమ్మ నీ గది ఊడ్చి పెట్టింది, నువ్వు ఎప్పుడొచ్చినా సరే అని చెప్పండి. తర్వాత అతను మాట్లాడేదాకా ఫోన్ పట్టుకుని ఉండండి.