నా పట్టా భూమిలోకి వచ్చిన పందిని నేను కొడితే తప్పా?

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలో అడవికి ఆనుకుని ఉన్న ఊరు. మూడెకరాల్లో మక్క వేశాను. కంకి పాలు పోసుకుంటోంది. పందుల మంద రోజూ రాత్రి చేలో దిగుతోంది. ఫారెస్టు వాళ్లను అడిగితే ‘కొట్టొద్దు, కేసవుతుంది’ అంటున్నారు. చేను నాది, పట్టా నాది. నా భూమిలోకి వచ్చిన పందిని కొడితే తప్పేమిటి? పక్క చేను ఆయన ఇద్దరం కలిసి కరెంటు తీగ పెడదామంటున్నాడు. ఏం చేయమంటారు?
— పేరు వేయవద్దన్న రైతు

జవాబు: మిగతావన్నీ తర్వాత, ముందు తీగ సంగతి. పెట్టకండి. పక్కాయనను కూడా పెట్టనివ్వకండి. లైనుకు కొక్కెం తగిలించి గట్టు వెంట లాగిన తీగకు పందీ ఒకటే, మనిషీ ఒకటే. నేను ఏఈఓగా (వ్యవసాయ విస్తరణ అధికారిగా) పనిచేసిన ఒక ఊళ్లో తెల్లవారుజామున మోటారు వేయడానికి బయల్దేరిన రైతు పక్క చేలో తీగ తగిలి చనిపోయాడు. తీగ పెట్టింది పగవాడు కాదు, వరసకు బావమరిది. తెల్లారేలోపు తీసేద్దామనుకున్నాడు, నిద్రపట్టేసింది. ఒక ఇంట్లో శవం లేచింది, ఇంకో ఇంటి మీదికి పోలీసులు వచ్చారు. ఇద్దరు భార్యలూ అక్కాచెల్లెళ్ల లాగా మెలిగినవాళ్లే.

మీ జిల్లాలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవి నుంచి మన కవ్వాల్ పులుల అడవి వైపు పులులు తిరిగే దారి మీ పక్కనే. పందులున్న చోటికి పులి వస్తుంది, దానికి తిండి అదే కాబట్టి. తీగకు పులి తగిలి చస్తే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడవచ్చు. కరెంటు దొంగతనం కేసు దానికి అదనం.

ఇక మీరడిగింది. భూమి మీదే కానీ అందులోకి వచ్చిన అడవి జంతువు మీది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిలో ఎంత వర్తిస్తుందో మీ పట్టా భూమిలోనూ అంతే వర్తిస్తుంది. 2022 సవరణ తర్వాత అడవి పంది ఆ చట్టం రక్షించే జంతువుల రెండో జాబితాలో, అంటే రెండో షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఉచ్చు వేసినా, మందు పెట్టినా చట్టం దృష్టిలో వేటే. పంది మీ మీదికి వస్తే ప్రాణం కాపాడుకోవడానికి కొట్టడం నేరం కాదు. పంట కోసం కొట్టానంటే మాత్రం ఆ మినహాయింపు రాదు.

అయితే మీకు సగమే చెప్పి పంపారు. అదే చట్టంలో 11వ సెక్షన్ చదవండి. ఈ షెడ్యూలులోని జంతువు ప్రాణానికో, ఆస్తికో ప్రమాదంగా మారిందని రాష్ట్రంలో వన్యప్రాణులకు పై అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ నమ్మితే, కారణాలు రాసి, ఫలానా ప్రాంతంలో వేటాడటానికి అనుమతి ఇవ్వవచ్చు. ఏ భూమిలో ఉన్న పంటైనా ఆ ‘ఆస్తి’ కిందికి వస్తుందని అక్కడే రాసి ఉంది. కేరళలో 2022 నుంచి పంచాయతీ అధ్యక్షులే ఈ నిర్ణయం తీసుకునేలా ఏర్పాటు చేశారు. నేను దాన్ని సమర్థిస్తాను. ఫైలు బల్లలన్నీ తిరిగి వచ్చేసరికి కంకి ఉండదు. రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టుకుంటూ కూర్చున్న మనిషికి ‘కేసవుతుంది’ అని చెప్పి, దారి ఉందని చెప్పకపోవడం అన్యాయం.

అర్జీ మీ ఒక్కరి పేరుతో పెట్టకండి. పందులు దిగుతున్న చేలవాళ్లంతా సంతకాలు చేసి, సర్వే నంబర్లు, తేదీలు రాసి రేంజ్ ఆఫీసర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. బీట్ ఆఫీసర్‌ను, ఏఈఓను చేలోకి తీసుకెళ్లి పంచనామా రాయించండి. నష్టపరిహారం అడగడానికీ ఆ కాగితమే ఆధారం. వాళ్లు వచ్చేలోపు చేను మీరే శ్రద్ధగా చూసి ఫొటోలు తీయండి. పంది అయితే కర్రను వంచి పడేసి కంకి పీకుతుంది, సగం నమిలిన బెండ్లు అక్కడే పడి ఉంటాయి. తడి మట్టిలో రెండు గిట్టల ముద్ర, దాని వెనక చెరో పక్క చిన్న గుంట కనిపిస్తాయి. ఏదుపంది అయితే కర్ర మొదట్లో పళ్లతో కోసిన గుర్తు ఉంటుంది, వెతికితే ముల్లు దొరుకుతుంది. ముద్ర పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీస్తే సైజు తెలుస్తుంది. అనుమతి వస్తే అందులో పేరున్నవాళ్లే, రాసిన చోటే కొట్టాలి.

అంతవరకూ ఈ పంటకు కాపు సోలార్ కంచె. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఎనర్జైజర్ అనే పెట్టె తీగలోకి సెకనుకోసారి చిన్న షాక్ వదులుతుంది. కొడుతుంది, చంపదు. కింది తీగ నేలకు అడుగులోపే ఉండాలి, లేదంటే పంది మూతితో ఎత్తి దూరిపోతుంది. గడ్డి తగిలితే షాక్ అంతా భూమిలోకి పోతుంది కాబట్టి గట్టు ఎప్పటికప్పుడు కోయించండి. ఇంటి కరెంటు దానికి కలపారంటే మళ్లీ ప్రాణాలు తీసే తీగే. వచ్చే ఏడు మక్క చుట్టూ ఆముదం సాళ్లు వేయండి, ఆ వాసన వాటికి పడదు.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. వేరుశనగ విత్తిన మర్నాటి నుంచే పందులు సాలు వెంట తవ్వి గింజలు తినేస్తున్నాయి. పాత చీరలు కడితే కొన్నాళ్లు ఆగాయి, ఇప్పుడు వాటి కిందనుంచే వస్తున్నాయి. వెంట్రుకలు చల్లితే ఉపయోగమా? ఒకాయన ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు మూటకట్టి వేలాడదీయమన్నారు.
— ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. చీరలకు నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతుంది. వెంట్రుకలు విత్తనం వేసే సమయానికి బాగా పనికొస్తాయి. మంగలి షాపులో అడిగి తెచ్చి, చేను చుట్టూ అడుగు వెడల్పున పల్చగా చల్లండి. వాసన చూస్తూ వచ్చేటప్పుడు ముక్కులోకి పోయి చికాకుపడి వెనక్కి తిరుగుతుంది. వాన పడితే మళ్లీ చల్లాలి. మొలక వచ్చేదాకా ఆగితే చాలు, పెద్ద గండం గడిచినట్టే. తర్వాత కాయ ఊరే రోజుల్లో మళ్లీ మొదలుపెట్టండి. రబీ పంటైతే చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేయండి. ముళ్లకు పంది జంకుతుంది, గింజలు మీకు మిగులుతాయి.

ఫోరేట్ జోలికి పోవద్దు. 2020 చివరి నుంచి దేశంలో అది నిషేధం. పాత నిల్వ ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి. మీ గొడ్లూ కుక్కలూ ఆ గట్టు మీదే తిరుగుతాయి, పిల్లలూ అక్కడే ఆడతారు.

ప్రశ్న: అనుమతితో కొట్టిన పంది మాంసం ఊళ్లో పంచుకోవచ్చా?

జవాబు: కుదరదు. అనుమతితో కొట్టినా 39వ సెక్షన్ ప్రకారం కళేబరం ప్రభుత్వానిదే. ఫారెస్టు సిబ్బందికి అప్పగించాల్సిందే. కొంచెం మాంసం ఇంట్లో దొరికినా కేసే. ఊళ్లో పందుల పెంపకం ఉంటే ఆ ఇళ్లవాళ్లు కళేబరం దగ్గరికే పోకూడదు. అడవి పందులకూ వచ్చే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే అంటురోగం మనుషులకు రాదు కానీ పందులకు సోకితే మందు లేదు, పాక మొత్తం ఖాళీ అయిపోతుంది. చెప్పులకు అంటిన రక్తంతోనూ ఆ రోగం పాకలోకి వెళుతుంది. కళేబరాన్ని ముట్టినవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకుని, చెప్పులు కడుక్కున్నాకే పందుల దగ్గరికి పోవాలి.