డబ్లిన్ నుంచి ట్రిమ్‌కి ఒక్క రోజు: కోట కాకుండా చూడాల్సినవి ఏమున్నాయి?

ప్రశ్న: ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, మాకు ఏడేళ్ల పాప. కారు లేదు. మీత్ కౌంటీలోని ట్రిమ్ బాగుంటుందని విన్నాం గానీ, ఒక్క కోట కోసం అంత దూరం వెళ్లడం దండగేమో అనిపిస్తోంది. వెళ్లొచ్చిన వాళ్లు చెప్పగలరా?

జవాబు:

దండగ కాదండీ, తప్పకుండా వెళ్లండి. కానీ కోట చూసి వెంటనే తిరుగు బస్సెక్కితే మాత్రం ట్రిమ్ సగమే చూసినట్టు. ఆ ఊరు పుట్టిందే బోయిన్ నదిని కాలినడకన దాటగలిగే రేవు దగ్గర. కోట, మఠాలు, వంతెనలు అన్నీ ఆ నదికి అటూ ఇటూ ఉన్నాయి. కోట దగ్గర మొదలుపెట్టి నది వెంట న్యూటౌన్ శిథిలాల దాకా నడిస్తేనే ఆ ఊరు అర్థమవుతుంది. అటు ఒకటిన్నర కిలోమీటర్లు, ఇటు ఒకటిన్నర, అంతే.

ముందు ప్రయాణం సంగతి. ట్రిమ్‌కి రైలు లేదు. డబ్లిన్ నుంచి బస్ ఏరన్ వాళ్ల 111 నంబరు బస్సు వెళ్తుంది. దూరం 45 కిలోమీటర్లు. ట్రాఫిక్‌ని బట్టి గంట నుంచి గంటన్నర పడుతుంది. కోటకి దగ్గర్లోనే దిగొచ్చు, ఊళ్లో మళ్లీ ఏ బండీ అక్కర్లేదు. డబ్లిన్ బస్సుల్లో వాడే లీప్ కార్డు ఇందులోనూ పనిచేస్తుంది. ఆదివారాలు, బ్యాంకు సెలవు రోజుల్లో బస్సులు తగ్గుతాయి కాబట్టి బయల్దేరే ముందే సాయంత్రం తిరుగు బస్సు వేళ చూసి పెట్టుకోండి. పెద్దవాళ్లతో చలిలో స్టాపు దగ్గర నిలబడాల్సి వస్తే రోజంతా చూసిన ఆనందం అక్కడే పోతుంది.

దిగగానే మొదటి పని కోట టికెట్. ఇక్కడే చాలామంది పొరపడతారు. టికెట్లు రెండు రకాలు: ఆవరణ మటుకే చూసేది ఒకటి, మధ్యలోని పెద్ద బురుజు లోపలికి గైడుతో వెళ్లేది ఒకటి. ఈ బురుజునే అక్కడ కీప్ అంటారు. గైడు లేకుండా దాని లోపలికి పోనివ్వరు, ఒక్కో విడతకి కొద్దిమందినే తీసుకెళ్తారు. వేసవి వారాంతంలో మధ్యాహ్నం చేరుకుంటే ఆ రోజు విడతలు నిండిపోయి ఉండొచ్చు. అందుకే పొద్దున్నే వెళ్లి కీప్ విడతలో చోటు ఖాయం చేసుకున్నాకే మిగతావి చూడండి. చలికాలంలో సాధారణంగా శని, ఆదివారాల్లోనే తెరుస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లేటట్టయితే కోట చూసుకునే ప్రభుత్వ సంస్థ ఓపీడబ్ల్యూ వాళ్ల హెరిటేజ్ ఐర్లండ్ వెబ్‌సైటులో ఆ వారం వేళలు చూసుకుని బయల్దేరండి.

కీప్ టూరు ముప్పావు గంట పైనే ఉంటుంది. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి, గోడల్లోనే చుట్టూ తిరుగుతూ పైకెక్కుతాయి. పాత అంతస్తులు ఎప్పుడో పోయాయి కాబట్టి ఎత్తులో కట్టిన నడవాల మీద నడవాలి, కిందికి చూస్తే కొందరికి కళ్లు తిరుగుతాయి. మీ నాన్నగారి మోకాళ్లకి ఇది వద్దండి. ఆయన, అమ్మగారు ఆవరణ టికెట్ తీసుకుంటే పచ్చికలో తిరుగుతూ కూర్చోవచ్చు, ఆ గోడల గొప్పతనం కింద నుంచే బాగా తెలుస్తుంది. పాపని తీసుకెళ్లొచ్చు గానీ చెయ్యి వదలకూడదు. స్ట్రోలర్ లోపలికి రాదు.

ఇప్పుడు ఆ కోట సంగతి. 1172లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ మీత్ ప్రాంతం మొత్తాన్ని హ్యూ డి లేసీ అనే నార్మన్ ప్రభువుకి రాసిచ్చాడు. అతను ముందు మట్టికట్ట, కర్రలతో ఒక కోట కట్టాడు. దాన్ని కనాట్ రాజు రువరీ ఓ కానర్ సేనలు ఏడాది రెండేళ్లలోపే తగలబెట్టాయి. ఆ తర్వాతే రాతి కట్టడం మొదలైంది. గోడల్లో మిగిలిన కర్రముక్కల వలయాలు లెక్కపెట్టి చూస్తే ఇది ఒక్క ఊపులో కట్టింది కాదని తేలింది: 1170ల నడుమ కొంత, 1190ల నడుమ కొంత, 1200 దాటాక మిగతాది. కొడుకు వాల్టర్ డి లేసీ హయాంలో పూర్తయింది. ఐర్లండ్‌లో నార్మన్లు కట్టిన కోటల్లో ఇదే అతి పెద్దది.

కీప్ ఆకారాన్ని కాస్త నిలబడి చూడండి. చదరపు కట్టడం, దానికి నాలుగు వైపులా మధ్యలో ఒక్కో బురుజు. అలా మొత్తం ఇరవై మూలలొచ్చాయి. నాలుగు పక్క బురుజుల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. యుద్ధానికి ఇది అంత తెలివైన కట్టడం కాదు. మూలలు ఎక్కువైతే పై నుంచి కాపలావాడికి కనబడని చోట్లూ ఎక్కువవుతాయి, పైగా పక్క బురుజుల గోడలు నడిమి గోడలంత మందం కావు. చుట్టుపక్కల వాళ్లని దూరం నుంచే బెదరగొట్టడానికి, ఈ దేశానికి దొర ఎవరో చాటడానికి కట్టినట్టుంది. లోపల కోట దశలవారీగా ఎలా పెరిగిందో చూపించే నమూనాలు పెట్టారు. గైడు చెప్పేటప్పుడు పాపని వాటి ముందు నిలబెట్టండి, పిల్లలకి అక్కడే విషయం తలకెక్కుతుంది.

కొందరు దీన్ని కింగ్ జాన్ కోట అంటారు. 1210లో జాన్ రాజు డి లేసీల పొగరు అణచడానికి ట్రిమ్ వచ్చిన మాట నిజమే గానీ, కోటలో ఉండకుండా బయట గుడారాల్లో దిగాడు. 1399లో రెండో రిచర్డ్ రాజు ఇక్కడ ఉంచిన పిల్లాడు హెన్రీయే తర్వాత ఇంగ్లండ్ ఐదో హెన్రీ అయ్యాడు. 1971 తవ్వకాల్లో తలలు లేని పది మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. దోపిడీ దొంగల తలలు నరికి గుచ్చి నిలబెట్టాలని 1465లో చేసిన శాసనంతో వాటిని ముడిపెడతారు. పాప పక్కనుంటే ఈ ముక్క దాటేయండి.

దక్షిణం వైపున్న డబ్లిన్ గేటు తప్పక చూడండి. ప్రధాన ద్వారానికి ముందు మరో కాపలా కట్టడం, మధ్యలో కందకం దాటే వంతెన: శత్రువుని ఆ ఇరుకులో ఇరికించి పై నుంచి కొట్టే ఏర్పాటు. అలాగే నది వైపు గోడ దగ్గర పెద్ద హాలు ఆనవాళ్లు, కింద పడవల రేవుకి దిగే దారి ఉన్నాయి. సముద్రం దగ్గరి డ్రోహెడా నుంచి సరుకు బోయిన్ మీద పడవల్లో ఇక్కడికే చేరేది. ఆ దారి చూస్తేనే నదికీ కోటకీ ఉన్న లంకె తెలుస్తుంది. మెల్ గిబ్సన్ ‘బ్రేవ్‌హార్ట్’లో యార్క్ నగరంగా చూపించిన గోడలు ఇవే, 1994లో ఇక్కడ తీశారు. ఊళ్లో ఆ సంగతి చాలాచోట్ల కనిపిస్తుంది, దానికే ఎక్కువ సమయం ఇవ్వక్కర్లేదు.

కోట అయ్యాక నది మీది కాలినడక వంతెన, మిలీనియం బ్రిడ్జ్, దాటి ఉత్తరపు ఒడ్డుకి రండి. ఎదురుగా 40 మీటర్ల ఎత్తున సగం విరిగి నిలబడ్డది ఎల్లో స్టీపుల్. అగస్టీనియన్ మఠం గంటల గోపురం, 1368 నాటిది. 1649లో క్రామ్‌వెల్ కాలపు యుద్ధంలో ఒక పక్క పోయింది. పొద్దు వాలేటప్పుడు రాయి పసుపు తిరుగుతుంది. ఫొటోలు కావాలంటే సాయంత్రం ఇక్కడికి మళ్లీ రండి. దాని పక్కనే పాత ఊరి గోడకి మిగిలిన ఒకే ఒక్క ద్వారం, షీప్ గేట్.

అక్కడే టాల్బట్ కాజిల్ అని ఇంకో పాత భవనం ఉంది, 1415 నాటిది. బయట నుంచే చూడండి. గలివర్ కథ రాసిన జోనథన్ స్విఫ్ట్ కొంతకాలం దీని యజమాని. తర్వాత ఇది బడి అయింది. గణితజ్ఞుడు విలియం రోవన్ హామిల్టన్ చిన్నప్పుడు ఇక్కడే బాబాయి దగ్గర పెరిగి చదువుకున్నాడు. ఆ వయసులోనే సంస్కృతం, పారశీకం, హిందుస్తానీ కూడా పట్టాడట. 1843లో డబ్లిన్ బ్రూమ్ బ్రిడ్జ్ దగ్గర అతనికి తట్టిన క్వాటర్నియన్లు అనే నాలుగు భాగాల సంఖ్యల మీదే ఇవాళ గేముల్లో, డ్రోన్లలో వస్తువులు తిరిగే లెక్కలు నడుస్తున్నాయి. డబ్లిన్‌లో మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇంతమంది ఉన్నారు, ఆ ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగితే బాగుంటుందని నా కోరిక.

ఇక అసలు నడక. పోర్చ్‌ఫీల్డ్స్ అనే పచ్చిక బయలు మీదుగా నది పక్కనే దారి సాగుతుంది. దారి చాలావరకు చదును. మీ నాన్నగారు నెమ్మదిగా, ఆగుతూ నడవగలరు. అటూ ఇటూ కలిపి, ఆగి చూస్తూ, రెండు గంటలు పెట్టుకోండి. గట్టి వానల తర్వాత బోయిన్ పొంగి ఆ బయలు మీదికి నీళ్లొస్తాయి. అలాంటప్పుడు దారి వదిలి గడ్డిలోకి దిగకండి, పైకి గట్టిగా కనిపించినా కింద బురద. గుడ్డ బూట్లు పనికిరావు. గాలికి గొడుగు ఆగదు, టోపీ ఉన్న వానకోటు మంచిది.

చివర వచ్చేది న్యూటౌన్. 1206లో సైమన్ డి రోష్‌ఫోర్ట్ అనే బిషప్ మీత్ పీఠాన్ని క్లోనార్డ్ నుంచి ఇక్కడికి మార్చి పెద్ద కెథీడ్రల్ కట్టించాడు. ఇప్పుడు మొండిగోడలే. టికెట్ లేదు, జనం ఉండరు. ఆ పక్కన చిన్న గుడి శిథిలంలో 16వ శతాబ్దపు సమాధి ఒకటుంది: సర్ ల్యూక్ డిల్లన్, అతని భార్య జేన్ బాత్. రాతి శిల్పాల్లో ఇద్దరి మధ్యా ఒక కత్తి. అందుకే జనం వీళ్లని ‘అసూయ పడ్డ ఆలుమగలు’ అంటారు. ఆ మధ్య సందులో తుప్పుపట్టిన గుండుసూదులు కనిపిస్తాయి. పులిపిరికి సూది తాకించి అక్కడ పెడితే, సూది తుప్పుపట్టేకొద్దీ పులిపిరి రాలిపోతుందని నమ్మకం. సూదులు ముట్టుకోవద్దని పాపకి ముందే చెప్పండి, ఎవరి మొక్కు వాళ్లది.

దగ్గర్లోని పాత వంతెన దాటితే సెయింట్ జాన్ ప్రయరీ, ఒకప్పుడు ఆసుపత్రిగా నడిచిన మఠం. శిథిలాలకి ఎదురుగా నది అవతల ఎకో గేట్ అనే చోటుంది. అక్కడ నిలబడి గట్టిగా పేరు పిలిస్తే ఆ గోడలకి తగిలి స్పష్టంగా తిరిగొస్తుంది. పిల్లలకి ట్రిమ్‌లో బాగా గుర్తుండేది ఇదే.

మన వైపు వాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ఊళ్లో ఎత్తయిన స్తంభం మీద డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ విగ్రహం ఉంది, 1817లో నిలబెట్టారు. ఇతని కుటుంబం ఊరు ట్రిమ్‌కి దక్షిణంగా ఉన్న డాంగన్. ఇతనూ, ఇతని అన్న రిచర్డ్ వెల్లస్లీ కూడా ఐరిష్ పార్లమెంటులో ట్రిమ్ తరఫున కూర్చున్నవాళ్లే. ఆ రిచర్డే 1798లో గవర్నర్ జనరల్‌గా కలకత్తా వచ్చి హైదరాబాద్ నిజాం చేత సైన్య సహకార ఒప్పందం రాయించుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన నిజాం దళానికి తమ్ముడు ఆర్థర్ నాయకత్వం వహించాడు. 1800లో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలూ కర్నూలులో కొంత భాగమూ నిజాం చేతి నుంచి కంపెనీకి పోయి దత్త మండలాలు అయ్యింది కూడా రిచర్డ్ హయాంలోనే. రాయలసీమ తలరాత మార్చిన సంతకం వెనక ఈ చిన్న నదీతీరపు ఊరి మనిషి ఉన్నాడు. మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే ఆ స్తంభం దగ్గర ఈ కథ చెప్పండి. డాంగన్ ఇల్లు మాత్రం ఇప్పుడు ప్రైవేటు భూమిలో శిథిలం, వెతుక్కుంటూ వెళ్లకండి.

తిండి విషయంలో అమ్మగారు శాకాహారులైతే ఊరి కఫేల్లో సూపు, శాండ్‌విచ్, చిప్స్ దొరుకుతాయి. సూపు మాంసం నీళ్లతో చేశారేమో అడిగి తీసుకోండి. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడం ఇంకా హాయి, నది ఒడ్డున కోట ఎదురుగా కూర్చుని తినొచ్చు. వేసవిలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి, అప్పుడు న్యూటౌన్ నడక ముందు పెట్టుకోకపోతే కుదరదు.

ఎవరైనా కారు ఇస్తే ఇంకో రెండు చోట్లు కలపండి. నావన్ వైపు 8 కిలోమీటర్ల దూరంలో బెక్టివ్ మఠం, 1147లో స్థాపించింది. 1186లో హ్యూ డి లేసీని డరో దగ్గర గొడ్డలితో చంపాక, అతని మొండెం ఇక్కడికి, తల డబ్లిన్ సెయింట్ థామస్ మఠానికి చేరాయి. మొండెం ఎవరికి చెందాలనే తగవు 1205 దాకా నడిచి చివరికి డబ్లిన్ వాళ్లు గెలిచారు. బెక్టివ్ చూడటానికి టికెట్ లేదు. అక్కడి నుంచి కొద్ది దూరమే పాత ఐరిష్ రాజుల పీఠమైన తారా కొండ. మీత్‌లోనే ఉన్న రాతియుగపు సమాధి న్యూగ్రాంజ్‌ని మాత్రం అదే రోజు ఇరికించకండి. దానికి టికెట్ ముందే తీసుకోవాలి, సందర్శకుల కేంద్రం నుంచి వాళ్ల బస్సులోనే వెళ్లాలి, టికెట్ మీద రాసిన వేళకి అరగంట ఆలస్యమైనా చోటు పోవచ్చు.