కొత్త డ్రోను కాలువలో పడింది: లోపం ఎక్కడుంది?

మీరు రాసినది నాకు అర్థమైన మేరకు ఇది. డ్రోను కొని వారం కూడా కాలేదు. పి.గన్నవరం దగ్గర కాలువ గట్టున నిలబడి, నీటికి రెండు మీటర్ల ఎత్తున, అటూ ఇటూ కొబ్బరిచెట్లున్న దారిలో ముందుకు పోనిచ్చారు. కాలువ మలుపు తిరిగే చోట ఫోనులో బొమ్మ ఆగిపోయింది. కొన్ని క్షణాలకు మట్టల్లో టపటపమని చప్పుడు, వెంటనే నీళ్ళలో పడిన చప్పుడు. ఈత వచ్చిన కుర్రాడొకడు దిగి బయటికి తీశాడు. డ్రోనులోనే లోపం ఉందా, ఆరబెట్టి ఆన్ చేసి చూడవచ్చా, ఇకమీదట ఏం చూసుకోవాలి అని అడిగారు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఆలస్యం కాకూడని విషయం. ఆన్ చేయకండి. ఒక్కసారి కూడా వద్దు. నీళ్ళలో పడిన డ్రోను నీటి వల్ల చచ్చేదానికన్నా, యజమాని ఆత్రం కొద్దీ బటన్ నొక్కడం వల్ల చచ్చేదే ఎక్కువ. బ్యాటరీ వెంటనే తీసేయండి, మెమరీ కార్డు తీసి తుడిచి ఆరబెట్టండి. కార్డు సాధారణంగా బతుకుతుంది. కాలువది మంచినీరు కాబట్టి మీకు కొంత అదృష్టం ఉంది, దానిలోని ఒండ్రు ఒక్కటే బెడద. అంతర్వేది వైపు పాయల్లోనో, రొయ్యల చెరువులకు వెళ్ళే ఉప్పునీటి కాలువల్లోనో పడి ఉంటే, ఉప్పు గంటల్లోనే సర్క్యూట్ బోర్డును తినడం మొదలుపెడుతుంది; అప్పుడు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాకే ఆరబెట్టాలి. బియ్యం డబ్బాలో పెట్టమని మీకు ఇప్పటికే నలుగురు చెప్పి ఉంటారు. బియ్యంలోని నూక మోటార్లలోకి చేరడం తప్ప దాని వల్ల ఒరిగేదేమీ లేదు. గాలి తగిలే నీడలో కొన్ని రోజులు ఉంచి, తెలిసినవారి చేత విప్పించి చూపించండి.

ఇక తడిసిన బ్యాటరీ మీద ఆశ వదులుకోండి. పైకి శుభ్రంగా కనిపించినా లోపల షార్ట్ అయి, తరువాత ఎప్పుడో చార్జింగ్‌లో ఉండగా అంటుకోవచ్చు. ఇంట్లో ఉంచకండి. బయట, మండే వస్తువులకు దూరంగా, ఇసుక పోసిన ఇనప బకెట్‌లో పెట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. కొబ్బరి పీచు ఆరబోసిన పెరట్లో అసలే వద్దు.

ఇప్పుడు లోపం సంగతి. నేను అమలాపురం చుట్టుపక్కల పెళ్ళి వీడియోలు తీస్తాను; డ్రోను నా పనిముట్లలో ఒకటి. దీని వల్ల, ఊళ్ళో ఎవరి డ్రోను కూలినా ముందు నా దగ్గరికి తెస్తారు. రిపేరు చేయడం నాకు రాదు. ఫోను యాప్‌లో ఉండే ఫ్లైట్ రికార్డు చూసి ఎందుకు పడిందో చెప్పగలను. అలా చూసినవాటిలో యంత్రం చెడి పడినవి బహు తక్కువ. మీది కూడా, చెప్పిన వివరాలను బట్టి, తనకు చెప్పి ఉంచిన పనిని తు.చ. తప్పకుండా చేసి కూలింది.

ఎలాగంటే, కొబ్బరి మొదళ్ళు, నీటితో నిండిన పచ్చి ఆకులు రిమోట్ సిగ్నల్‌ను బాగా పీల్చేస్తాయి. మలుపు తిరగగానే మీకూ డ్రోనుకూ మధ్య ఒక తోటంతా అడ్డం వచ్చింది. సిగ్నల్ తెగింది. సిగ్నల్ తెగితే ఏం చేయాలో కంపెనీవారు ముందే అమర్చి పంపుతారు: రిటర్న్ టు హోమ్, అంటే బయలుదేరిన చోటికి తిరిగి రావడం. కానీ అది ఎప్పుడూ వచ్చిన దారినే వెనక్కి రాదని మీలాంటి కొత్తవారికి ఎవరూ చెప్పరు. చాలా డ్రోన్లు ముందు ఉన్నచోటనే నిటారుగా, సెట్టింగ్‌లో ఉన్న ఎత్తు దాకా లేస్తాయి. తరువాతే ఇంటి వైపు తిరుగుతాయి. ఖాళీ మైదానంలో ఇది చక్కటి ఏర్పాటు. మన కాలువ గట్ల మీద చెట్లు నిటారుగా ఉంటాయా? వెలుతురు కోసం నీటి మీదికి వంగి, నడి కాలువ దాకా మట్టలు చాపి ఉంటాయి. చిన్న డ్రోన్లలో చాలావాటికి పైవైపు సెన్సార్ ఉండదు. తలెత్తి చూడలేని యంత్రం గొడుగు కింద నుంచి పైకి లేచింది, అంతే.

దీనికి మందు యాప్ సెట్టింగుల్లోనే ఉంది. సిగ్నల్ పోతే ఏం చేయాలన్న చోట సాధారణంగా మూడు ఎంపికలుంటాయి: తిరిగి రావడం, ఉన్నచోటే గాలిలో నిలబడడం, దిగిపోవడం. చెట్ల కింద ఎగరేసేటప్పుడు రెండోది పెట్టుకోండి. డ్రోను అక్కడే నిలబడి ఉంటుంది. మీరు గట్టు వెంట నాలుగడుగులు వేస్తే సిగ్నల్ మళ్ళీ అందుతుంది. అదే సెట్టింగ్‌తో గౌతమి మీదికో వశిష్ఠ మీదికో వెళ్ళారనుకోండి, సిగ్నల్ పోతే డ్రోను నది మీద నిలబడి, బ్యాటరీ అయ్యాక నదిలోనే దిగుతుంది. అక్కడ తిరిగి రావడమే కావాలి. కాబట్టి చోటు మారినప్పుడల్లా ఆ సెట్టింగ్ చూసుకోవాలి. నేను ప్రతిసారీ రెక్కలు బిగించే ముందే చూస్తాను, ఎందుకంటే బిగించాక ఎవరికీ ఆగాలనిపించదు.

తిరిగి వచ్చే ఎత్తు మరో సంగతి. పాత పొడుగు రకం కొబ్బరిచెట్లు 20 మీటర్లు సులువుగా దాటుతాయి, సెల్ టవర్లు అంతకన్నా ఎత్తు. కోనసీమలో నేను 60 మీటర్లకు తగ్గించను. నది దాటే పెద్ద కరెంటు లైన్ల స్తంభాలు ఇంకా ఎత్తుంటాయి, వాటి దగ్గర ఈ లెక్క చాలదు. ముందు కళ్ళతో చూసుకోవాలి.

నీటికి రెండు మీటర్ల ఎత్తున పోనిచ్చారన్నారు. అది కూడా మానండి. డ్రోను పొట్ట కింది కెమెరాలు నేల మీది గుర్తులను చూసి నిలకడ తెచ్చుకుంటాయి. పారే నీటి మీద అవి మోసపోతాయి. నీరు కదిలితే తామే కదిలామనుకుని పక్కకు జారతాయి, ఒక్కోసారి కిందికి దిగుతాయి. నీటి మీద నాలుగైదు మీటర్లకు తక్కువ వద్దు. నీటిని రాసుకుంటూ పోయే దృశ్యాలు వీడియోల్లో చూసి మోజు పడతాం గానీ, వాటిని తీసినవారు పోగొట్టుకున్న డ్రోన్లను వీడియోలో చూపించరు.

నీటి మీదే ఇంకో ఉచ్చు ఉంది. కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం వెళ్ళే పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద నుంచి డ్రోను లేపాలని చాలామందికి సరదా. డ్రోను లేచిన చోటును ఇల్లుగా గుర్తుపెట్టుకుంటుంది. పంటు ముందుకు సాగిపోతుంది, ఇల్లు మాత్రం నడి గోదావరిలో మిగిలిపోతుంది. బ్యాటరీ తగ్గి తనంతట తాను వెనక్కి తిరిగిందంటే అది అక్కడికే వెళ్ళి, నిదానంగా, ఎంతో క్రమశిక్షణగా నీళ్ళలోకి దిగుతుంది. రిమోట్ ఉన్న చోటునే ఇల్లుగా మార్చే సౌకర్యం యాప్‌లో ఉంటే వాడండి, లేదా రేవులో నేల మీద నుంచే లేపండి. పైగా పంటు ఇనుము డ్రోను దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుంది. కారు బానెట్, ఇనప వంతెన, కమ్ములు దట్టంగా వేసిన డాబా కూడా అంతే.

సముద్రపు ఒడ్డున గాలిని లెక్కేయండి. పగటిపూట గాలి కడలి నుంచి నేల మీదికి వస్తుంది. తెల్లవారుజామున నేల మీద నుంచి కడలి వైపు వీస్తుంది. సూర్యోదయం కోసం ఓడలరేవు వెళ్ళినవారి డ్రోన్లు హాయిగా, బ్యాటరీ ఖర్చు కూడా తెలియకుండా సముద్రం మీదికి పోతాయి. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. నేల మీద ఆకు కదలకపోయినా 50 మీటర్ల ఎత్తున గాలి గట్టిగా ఉండవచ్చు. ముందు గాలికి ఎదురుగా వెళ్ళండి, తిరుగు ప్రయాణంలో గాలి తోడుంటుంది. డబ్బా మీద రాసిన 30 నిమిషాల ఎగిరే సమయం గాలి లేని చోట కొలిచిన లెక్క. నేను బ్యాటరీ 30 శాతం మిగిలి ఉండగానే దించేస్తాను.

సెన్సార్లు అన్నిటినీ చూస్తాయన్న భ్రమ కూడా పోవాలి. భీమవరం వైపు నుంచి ఒకాయన తెచ్చిన డ్రోను పైకి గీత కూడా లేకుండా ఉంది, రొయ్యల చెరువు గట్టు మీద పడిందట. రెక్క తీసి చూస్తే ముందు కుడి మోటారు ఇరుసుకు నైలాన్ దారం చుట్టుకుని, వేడికి కరిగి, గోధుమరంగు ప్లాస్టిక్ ముద్దగా బిగుసుకుపోయింది. పట్టకారుతో పోగు పోగూ లాగితే మూరెడు వచ్చింది. నీటికాకులు, కొంగలు రొయ్యలను ఎత్తుకుపోకుండా చెరువుల మీద అడ్డంగా కట్టే దారం అది. మధ్యాహ్నపు వెలుగులో మనిషి కంటికే ఆనదు, ఇక కెమెరాకు ఎలా ఆనుతుంది? సన్నని తీగలను గుర్తించలేమని డ్రోను పుస్తకంలోనే రాసి ఉంటుంది, మనం చదవం. చెరువుల మీద, 11 కేవీ లైన్లున్న పొలాల మీద తక్కువ ఎత్తున ఎగరేయడం మానుకోవాలి. స్పోర్ట్ మోడ్‌లో, అంటే ఎక్కువ వేగంతో పోయే సెట్టింగ్‌లో, చాలా డ్రోన్ల అడ్డంకి సెన్సార్లు పూర్తిగా ఆగిపోతాయని కూడా గుర్తుంచుకోండి.

గద్దలు ఇక్కడ నిజమైన సమస్య. చలికాలం నుంచి వేసవి మొదటి దాకా వాటి గూళ్ళ కాలం, కొబ్బరి మొవ్వుల్లో, పెద్ద చెట్లలో ఉంటాయి. చుట్టూ తిరగడం మొదలుపెడితే వీడియో సంగతి మరిచి పైకి లేపండి. గద్ద పై నుంచి కిందికి దూకుతుంది గానీ నిటారుగా పైకి తరమడం దానికి కష్టం. తరువాత దూరంగా తీసుకువెళ్ళి దించేయండి.

జనం మీద ఎగరేయడం గురించి నా మాట కాస్త కటువుగా ఉంటుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ప్రభలను భుజాన మోస్తూ కౌశిక కాలువ దాటించే దృశ్యం చూసి, సరిగ్గా వాటి నెత్తిన డ్రోను నిలపమని నన్ను అడిగినవారున్నారు. ఒప్పుకోలేదు, పక్కన ఖాళీ చేను మీద నుంచి తీశాను. 50 మీటర్ల నుంచి జారిపడే వస్తువు, గాలి అడ్డును పక్కన పెడితే, నేలను తాకేసరికి గంటకు 110 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కింద ప్రభను మోస్తున్న మనిషి తప్పుకోవడానికి కూడా ఉండదు. తీర్థాలు, కోడిపందేల బరులు, పెళ్ళి ఊరేగింపులు, ఎక్కడైనా పక్క నుంచే తీయండి. మీకు కావలసిన దృశ్యం చాలావరకు అక్కడి నుంచే దొరుకుతుంది.

చట్టం గురించి అడగలేదు గానీ క్లుప్తంగా చెబుతాను. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 400 అడుగుల వరకే. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. రాజమండ్రి వైపు ఎగరేస్తే మధురపూడి విమానాశ్రయాన్ని లెక్కలోకి తీసుకోండి. ఏ చోటు ఏ జోన్‌లో ఉందో చూపే మ్యాపు మారుతూ ఉంటుంది, వెళ్ళే రోజున చూడండి. 250 గ్రాములు దాటిన డ్రోనుకు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రెండు కిలోల లోపుదాన్ని సరదాకు ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. 250 గ్రాములు దాటినదానితో డబ్బు సంపాదిస్తే కావాలి. కోరింగ అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా తీయకండి. గ్యాస్ బావుల దరిదాపులకు పోకండి.

కొత్త డ్రోను వచ్చాక, లేదా ఇదే బాగుపడ్డాక, సాధన ఎక్కడ చేయాలంటే దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఖాళీగా ఉన్న చేలలో. ఫోను చూడకుండా, డ్రోనును మాత్రమే చూస్తూ ఎగరేయండి. దాని ముఖం మీ వైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అది చేతికి అలవాటయ్యేదాకా కాలువ జోలికి వెళ్ళకండి. చెట్టు మీద చిక్కుకుంటే మీరు ఎక్కకండి, కర్రతో కొట్టకండి. దింపు తీసేవారిని, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు కోసేవారిని, పిలవండి. రెక్కలు తిరగకుండా రిమోట్ నుంచి మోటార్లు ఆపాకే ఆయనను ఎక్కమనండి.

వారంటీ కోసం కంపెనీకి రాసేటప్పుడు ఫ్లైట్ రికార్డు జతచేయండి, విరిగిన ముక్కలు కూడా పారేయకండి. నష్టపరిహారం పథకం తీసుకుని ఉంటే సాధారణంగా పాత డ్రోను తిరిగి పంపమంటారు. మీ రికార్డులో సిగ్నల్ తెగిన క్షణం, ఎత్తు పెరగడం మొదలైన క్షణం రెండూ ఉంటాయి. ఆ రెండు వరుసల ఫొటో ఇక్కడ పెడితే నా అంచనా సరైనదో కాదో చూద్దాం.